కొండ రోడ్ల సైక్లింగ్ ట్రిప్: బస విషయంలో అపోహలు - వాస్తవాలు

కొండ రోడ్ల మీద సైక్లింగ్ ట్రిప్పులు ప్లాన్ చేసి, వచ్చినవాళ్లను దగ్గరుండి తిప్పి తీసుకురావడం నా పని. వాళ్లు మొదట గేర్ల గురించి అడుగుతారు, తర్వాత టైర్ల గురించి అడుగుతారు, బస మాత్రం ముందే బుక్ చేసేసుకుని "ఇక్కడ తీసుకున్నాం, పర్వాలేదా?" అంటారు. అప్పుడు నేను చెప్పగలిగేది పెద్దగా ఉండదు. గేర్లు సరిపోకపోతే క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే గేర్ల సెట్) మార్చుకోవచ్చు, అదే హోటల్ తప్పు చోట ఉంటే రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ తప్పు కాళ్లకు తెలుస్తూనే ఉంటుంది. వానవల్లో పంక్చర్లవల్లో ట్రిప్ పాడైందని చాలామంది చెప్తారు గానీ, నేను చూసినంతలో ఎక్కువసార్లు అది గది బుక్ చేసిన రోజే పాడైపోయి ఉంటుంది.

ఉదాహరణలు యూరప్‌లోని ఆల్ప్స్, డోలోమైట్స్ కొండల వైపు నుంచే ఎక్కువ ఇస్తున్నాను. టూర్ డి ఫ్రాన్స్, జీరో డి ఇటాలియా సైకిల్ రేసులు చూసేవాళ్లకు ఆ పేర్లు తెలిసినవే. లెక్క మాత్రం ఏ కొండల్లోనైనా ఇదే.

అపోహ: కొండ పైన ఉన్న ఊళ్లో దిగితేనే అసలు మజా

అందరికీ ముందు వచ్చే ఆలోచన ఇదే, ఎందుకంటే ఫోటోలు అక్కడివే బాగుంటాయి. ఫ్రాన్స్‌లోని ఆల్ప్ డ్యుయెజ్ సంగతే చూడండి. కింద లోయలో బూర్గ్ ద్వాజాన్ అనే చిన్న ఊరు 720 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పైన ఆల్ప్ డ్యుయెజ్ 1850 మీటర్ల దగ్గర. మధ్యలో 21 హెయిర్‌పిన్ మలుపులు, సుమారు 13.8 కిలోమీటర్లు, సగటున 8 శాతం ఎక్కుడు. పైన గది తీసుకుంటే ఆ 1100 మీటర్లూ ప్రతి సాయంత్రం మిగిలే ఉంటాయి. అప్పటికి మీరు గాలిబియే కనుమ ఎక్కి దిగారో, క్రువా ద ఫేర్ కనుమ చుట్టి వచ్చారో, నీళ్ల సీసాలు ఖాళీ, కాళ్లలో సత్తువ లేదు, ఇంకా గది చేరాలంటే ప్రపంచంలోనే పేరున్న ఎక్కుళ్లలో ఒకటి ఎక్కాలి. బాగా అలవాటున్న మామూలు సైక్లిస్టు తాజాగా ఉన్నప్పుడు గంటకు 600 మీటర్ల ఎత్తు ఎక్కుతాడనుకున్నా, అది రెండు గంటలకు కాస్త తక్కువ పని. అలసిపోయి ఉంటే అంతకన్నా ఎక్కువే. మొదటి రోజు సరదాగా ఎక్కుతారు. మూడో రోజుకి ఎవరో ఒకరు నెమ్మదిగా "ఈ పూట బస్సు ఏమైనా ఉంటుందా?" అని నన్ను అడుగుతారు.

సాయంత్రం సంగతి చాలామందికి తడుతుంది, పొద్దుటి సంగతే తట్టదు. పైన ఉంటే రోజు మొదలయ్యేది దిగుడుతో. ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది కాబట్టి పై ఊరు కింది ఊరికన్నా సాధారణంగా ఏడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. వేడెక్కని కండరాలతో, మొద్దుబారిన వేళ్లతో, పూర్తిగా తెల్లారని వెలుతురులో బ్రేకులు పట్టుకుని మలుపు తర్వాత మలుపు దిగడం ఎవరికీ మంచి మొదలు కాదు. కింద లోయలో దిగితే పొద్దున నాలుగైదు కిలోమీటర్లు చదునుగా తొక్కి ఒళ్లు వేడెక్కాక కొండ ఎక్కుతారు, సాయంత్రం దిగుతూ గదికి వచ్చేస్తారు. ఇక మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలైతే (కొండల్లో ఎండాకాలం ఇది మామూలే) పరిగెత్తాల్సింది కిందికే. అటే మీ గది ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

లోయ ఊరైనంత మాత్రాన మంచిదనుకోకండి, పై ఊరైనంత మాత్రాన చెడ్డదనీ కాదు. డోలోమైట్స్‌లో సెల్లా కొండ చుట్టూ ఉన్న కోర్వారా, అరబ్బా, కనత్సేయి, సెల్వా 1450 నుంచి 1600 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అయినా అవి కనుమలకు అడుగున ఉన్న ఊళ్లే. ఎత్తు అంకె ఒక్కటే చూడకండి. రోజు చివర్లో మీ గుమ్మం ముందు రోడ్డు ఎటు వాలి ఉంటుందో చూసుకోండి.

అపోహ: ఎత్తులో పడుకుంటే శరీరం అలవాటుపడి బలం పెరుగుతుంది

ప్రొఫెషనల్ జట్లు చేస్తాయి కదా అంటారు. నిజమే, టెనెరిఫే ద్వీపంలో టైడే అగ్నిపర్వతం దగ్గర 2100 మీటర్లకు పైన ఉన్న హోటల్లో జట్లు మకాం వేస్తాయి. కానీ అది రెండు మూడు వారాల పని. ఎత్తులో నిద్రపోయి దిగువన శిక్షణ తీసుకోవడం మీద బాగా పేరొచ్చిన ప్రయోగం, 1997లో లెవిన్, స్ట్రే-గండర్సన్ ప్రచురించినది, రన్నర్లను నాలుగు వారాల పాటు 2500 మీటర్ల ఎత్తులో ఉంచి చేసింది. మీరు వెళ్లేది ఐదారు రోజులకు. అంతలో లాభం వచ్చేలోపే ఇబ్బంది వస్తుంది: 2000 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే ఐదో వంతు తక్కువ, మొదటి రెండు మూడు రాత్రులు చాలామందికి నిద్ర సరిగా పట్టదు. ట్రిప్‌లో మీ కాళ్లను తిరిగి లేపేది నిద్రే. దాన్ని పాడుచేసుకోకండి.

అపోహ: మ్యాప్‌లో 20 కిలోమీటర్లే కదా, పొద్దున వార్మప్ అయిపోతుంది

ఏ 20 కిలోమీటర్లు? నేను అందరినీ అడిగే ప్రశ్న ఇదే. కొండ లోయల్లో చదునైన నేల తక్కువ. ఉన్న ఆ సన్నటి పట్టీలోనే నది, రైలు, పెద్ద రోడ్డు, లారీలు, ఊళ్లు అన్నీ ఇరుక్కుని ఉంటాయి. కొన్ని లోయల్లో నది పక్కన సైకిల్ దారి వేసి ఉంటుంది, అక్కడైతే 20 కిలోమీటర్లు హాయిగా గడిచిపోతాయి. కొన్ని లోయల్లో ఉన్నది ఒకటే రోడ్డు, దానిమీదే లారీలూ, దానిమీదే మీరూ, మధ్యలో సొరంగాలు. బూర్గ్ ద్వాజాన్ నుంచి లోతారే కనుమ వైపు వెళ్లే దారిలో సొరంగాలున్నాయి. ఎర్ర లైటు, తెల్ల లైటు పెట్టుకోకుండా అటు ఎవరినీ పోనివ్వను, ఎండ ఎంత బాగున్నా సరే.

ఆ దారి కథ ఇంకోటి చెప్పాలి. 2015 ఏప్రిల్‌లో అక్కడి షాంబోన్ సొరంగం దగ్గర కొండ కదిలి రోడ్డు మూసేశారు, ఆ ఏడాది టూర్ డి ఫ్రాన్స్ చివరి కొండ రోజు దారినే మార్చాల్సి వచ్చింది. గాలిబియే ఎక్కడానికని బూర్గ్‌లో గదులు తీసుకున్నవాళ్లకు మామూలు దారి లేకుండా పోయింది. అదృష్టం ఏంటంటే ఆ ఊరి నుంచి క్రువా ద ఫేర్, గ్లాండోన్, ఆల్ప్ డ్యుయెజ్, సారెన్ లాంటి దారులు ఇంకా తెరిచే ఉన్నాయి. ఒక దారి మూసుకుపోతే మిగతా రోజులు ఏం చేస్తామో బుక్ చేసేముందే ఆలోచించుకోవాలి. కొండచరియలు విరిగిపడటం, రోడ్డు పనులు, ఏదో ఒక రేసు కోసం మూసేయడం ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటాయి.

నేనైతే ఇలా చూస్తాను. సైక్లిస్టులు తమ రైడ్లు నమోదు చేసుకునే స్ట్రావా యాప్‌లో హీట్‌మ్యాప్ (ఎక్కువమంది తిరిగే దారులు మెరుస్తూ కనిపించే మ్యాప్) తెరిచి హోటల్ నుంచి మొదటి ఎక్కుడు దాకా సైకిళ్లు నిజంగా ఏ రోడ్డు మీద వెళ్తున్నాయో చూస్తాను. పెద్ద రోడ్డు ఖాళీగా, పక్కన ఊళ్ల మీదుగా వెళ్లే సన్న రోడ్డు ఎర్రగా మెరుస్తూ కనిపిస్తే, స్థానికులు పెద్ద రోడ్డును ఎందుకు వదిలేశారో అర్థమైపోతుంది. తర్వాత స్ట్రీట్ వ్యూలో ఆ రోడ్డు అంచు చూస్తాను, తెల్ల గీతకు అవతల సైకిల్ నడిచేంత జాగా ఉందా, లేక గీత పక్కనే గోడా అని. పది నిమిషాల పని.

అపోహ: పేరున్న కొండ పక్కనే ఉంటే చాలు

ఒక కొండ ఒక రోజుకే సరిపోతుంది. మీరు ఉండేది ఆరు రోజులు. ఫ్రాన్స్‌లోని మోన్ వెంటూ కొండ కోసమే వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని బెదువాన్ అనే ఊళ్లో గది తీసుకుంటారు, ఎందుకంటే అసలైన ఎక్కుడు అటునుంచే: 21 కిలోమీటర్లు, దాదాపు 1600 మీటర్లు. నాకూ బెదువాన్ ఇష్టమే. కానీ మీతో వచ్చేవాళ్లలో ఒకరు మొదటిసారి పెద్ద కొండ ఎక్కుతుంటే సోల్ట్ ఊరి వైపు కూడా చూడండి. అటు దారి కాస్త పొడుగు, వాలు మెత్తన, మొదలయ్యేది కూడా ఎత్తు నుంచి. శిఖరానికి ఆరు కిలోమీటర్ల ముందు షాలే రెనార్ దగ్గర రెండు దారులూ కలుస్తాయి. మూడో దారి మలోసెన్ నుంచి. ఆ కొండ మీద మిస్ట్రాల్ అనే జోరు గాలి వీస్తే పైకి వెళ్లడం ప్రమాదం, ఆ రోజు ఏం తొక్కుతారన్నది కూడా లెక్కలోకి రావాలి; కింద ద్రాక్షతోటల మధ్య, వాగు లోయల్లో దారులు ఉండబట్టే ఆ ప్రాంతాన్ని నేను సిఫార్సు చేస్తాను, శిఖరం ఒక్కదానివల్ల కాదు.

నాకు తెలిసినంతలో బస పరంగా మంచి ఉదాహరణ ఇటలీలోని బోర్మియో. ఊరు 1225 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒకవైపు 2750 మీటర్లు దాటిన స్టెల్వియో కనుమ, ఇంకోవైపు 2600 దాటిన గావియా కనుమ, మరోవైపు కాంకానో సరస్సులకు వెళ్లే మెలికల దారి. మూడూ ఊరి నుంచే మొదలవుతాయి, మూడింటినుంచీ ఇంటికి దిగుడే. ఓపిక ఉన్నవాళ్లు స్టెల్వియో ఎక్కి ప్రాటో వైపు ఆ 48 హెయిర్‌పిన్‌లూ దిగి, స్విట్జర్లాండ్‌లోని సాంటా మరియా మీదుగా ఉమ్‌బ్రాయిల్ కనుమ ఎక్కి తిరిగి రావొచ్చు, వెళ్లిన దారి మళ్లీ తొక్కాల్సింది చివరి దిగుడులోనే. అక్కడ కూడా చిన్న మెలిక ఉంది. మోర్తిరోలో అనే పేరున్న ఎక్కుడు మొదలయ్యే మాత్సో ఊరు లోయ దిగువన ఉంటుంది కాబట్టి పొద్దున హాయిగా దిగిపోతారు, సాయంత్రం లోయంతా ఎక్కుతూ రావాలి. ఆ రోజు వ్యాన్ పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

అపోహ: రోజుకో ఊరు మారితే ఎక్కువ చూడొచ్చు

ఎక్కువ చూస్తారు, నిజమే. కానీ రోజూ బ్యాగులు సర్దాలి, సామాను వ్యాన్ మీద ఆధారపడాలి, ఉతికిన బట్టలు ఆరకముందే మూటకట్టాలి, ఒంట్లో బాగోలేకపోయినా ఆ రోజు కనుమ దాటి తీరాలి. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఒకే ఊరు, మహా అయితే రెండు ఊళ్లు అంటాను. ఒకేచోట ఉంటే వాన రోజును విశ్రాంతి రోజు చేసుకోవచ్చు.

అపోహ: "సైక్లిస్టులకు స్వాగతం" అని రాసుంటే ఇక చూడక్కర్లేదు

ఈ బోర్డును నమ్మి నేనే దెబ్బతిన్నాను. ఎనిమిది మందితో వెళ్లాను. హోటల్ వెబ్‌సైట్‌లో సైకిళ్లకు తాళం వేసే గది ఉందని రాశారు, ఉంది కూడా. దాని తాళంచెవి ఒక ఉద్యోగి దగ్గరే ఉంటుందని, ఆయన తొమ్మిదింటికి గానీ రాడని మొదటి రోజు పొద్దున ఆరున్నరకు తెలిసింది. మధ్యాహ్నం ఉరుముల వాన అని వాతావరణ సూచన చెప్తోంది, మేమేమో సైక్లింగ్ బట్టల్లో రిసెప్షన్‌లో కూర్చున్నాం. పదిన్నరకు కొండ మొదలుపెట్టి, శిఖరానికి నాలుగు కిలోమీటర్ల ముందు వెనక్కి తిప్పేశాను. ఆ నిర్ణయం ఈరోజుకీ సరైనదే అంటాను, కానీ ఆ ఎనిమిది మంది ముఖాలు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది. కొందరు ఆ కొండ కోసం ఏడాదంతా సాధన చేసి వచ్చారు.

అప్పటి నుంచి ఫోన్ చేసి నోటితో అడుగుతాను. సైకిల్ గది తాళం మాకిస్తారా? అది ఏ అంతస్తులో, మెట్లున్నాయా? టిఫిన్ ఎన్నింటికి మొదలవుతుంది, ఆరున్నరకు పెట్టగలరా, లేకపోతే రాత్రే కట్టి ఇస్తారా? బట్టలు ఉతికే మెషిన్ ఉందా, ఆరేసే చోటు ఉందా? సైకిల్ కడగడానికి పైపు, నిలబెట్టే స్టాండు, గాలి కొట్టే నిలువు పంపు ఉన్నాయా? మధ్యాహ్నం మూడు, నాలుగింటికి తిరిగొస్తే తినడానికి ఏదైనా దొరుకుతుందా, లేక రాత్రి భోజనం దాకా ఆగాలా? చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఐదు గంటలు ఎక్కి వచ్చినవాళ్లు నాలుగు గంటలు ఖాళీ కడుపుతో ఉంటే దెబ్బ మర్నాటి రైడ్ మీద పడుతుంది. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఈ సమస్యే ఉండదు, అందుకే చిన్న గుంపులకు నేను అదే చెప్తాను, నడిచి వెళ్లేంత దూరంలో కిరాణా కొట్టు ఉంటేనే సుమా.

స్పా, స్విమ్మింగ్ పూల్ గురించి అడగను.

అపోహ: హోటల్ తెరిచి ఉందంటే రోడ్లూ తెరిచే ఉంటాయి

కావు. గాలిబియే, స్టెల్వియో లాంటి ఎత్తైన కనుమలు చలికాలమంతా మంచుతో మూసి ఉంటాయి, మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు, ఒక్కో ఏడాది ఒక్కోలా. కింద పూలు పూస్తుంటాయి, పైన గేటు వేసి ఉంటుంది. ఎదురు సమస్య కూడా ఉంది: స్కీయింగ్ కోసం కట్టిన ఊళ్లలో జూలై, ఆగస్టు దాటితే రోడ్లు తెరిచే ఉన్నా కొట్లు, భోజనశాలలు చాలావరకు మూసేస్తారు. జూన్ మొదట్లోనో సెప్టెంబర్ చివర్లోనో వెళ్లేవాళ్లు ఏడాది పొడుగునా జనం బతికే ఊరు ఎంచుకోండి. స్కూలు, మందుల షాపు ఉన్న ఊరైతే చాలు.

అపోహ: టూర్ డి ఫ్రాన్స్ వచ్చే వారమే వెళ్లాలి

రేసు చూడాలనుకుంటే వెళ్లండి, జీవితంలో ఒకసారి చూడాల్సిందే. తొక్కాలనుకుంటే ఆ వారం వద్దు. రేసు వచ్చే కొండను గంటల ముందే మూసేస్తారు, గదులు నెలల ముందే నిండిపోతాయి. 1982 నుంచి జరుగుతున్న లా మార్మోట్ లాంటి పెద్ద సామూహిక రైడ్ ఉన్న రోజుల్లోనూ అది జరిగే లోయలో గది దొరకడం కష్టం. తేదీలు ముందే చూసుకోండి. కొన్ని కనుమల్లో ఏడాదికి ఒకటి రెండు రోజులు మోటారు బళ్లను ఆపేసి సైకిళ్లకే వదిలేస్తారు, స్టెల్వియోలోనూ సెల్లా చుట్టూ ఉన్న నాలుగు కనుమల్లోనూ ఆ ఏర్పాటు ఉంది. ట్రిప్ తేదీలు అటు జరపగలిగితే జరపండి. బళ్ల మోత లేకుండా ఆ మలుపులు ఎక్కినవాళ్లు వెనక్కి వచ్చాక నాతో గంటలకొద్దీ మాట్లాడారు.

అపోహ: ముందు మంచి హోటల్ చూసుకుందాం, రూట్లు అక్కడికెళ్లాక చూద్దాం

నా పద్ధతి దీనికి తలకిందులు. ముందు మ్యాప్ మీద ఆరు రైడ్లు గీస్తాను: రెండు పెద్దవి, రెండు మధ్యరకం, ఒకటి కాళ్లు సాగదీయడానికి రెండు గంటలది, ఒకటి మబ్బులు దిగినప్పుడు కింద కిందే తిరిగేది. తర్వాత వాటిలో ఎక్కువ గీతలు ఏ ఊరి మీదుగా పోతున్నాయో చూస్తాను. చాలాసార్లు అది ఫోటోల్లో ఎప్పుడూ కనిపించని ఊరు అవుతుంది, ఒక కూడలి, ఒక వంతెన, ఒక సైకిల్ షాపు ఉండే ఊరు. సైకిల్ తొక్కనివాళ్లు కూడా వస్తుంటే అక్కడ రైలో బస్సో ఆగుతుందా అన్నది చూస్తాను, లేకపోతే రోజంతా గదిలో మన కోసం ఎదురుచూడటమే వాళ్ల సెలవు అవుతుంది. ఆ ఊళ్లో రెండు మూడు చోట్లు ఎంచుకుని ఫోన్ చేస్తాను, సైకిల్ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలుసుకున్నాకే డబ్బు కడతాను.