మట్టికోట కాలిబాట, వంద మీటర్ల చిక్కు

ఖిలా వరంగల్ మట్టికోట కట్ట మీద నడకదారి వేయాలన్న మాట మళ్లీ లేచింది. కట్ట పచ్చబడినప్పుడల్లా ఈ మాట లేవడం, ఎండలు ముదిరేసరికి అణిగిపోవడం మామూలే. హన్మకొండ, కాజీపేటల నుంచి చీకటితోనే బండ్ల మీద వచ్చి నడిచి వెళ్లేవారు ఒకవైపు ఉన్నారు. కోట లోపలి వాడలైన తూర్పుకోట, పడమరకోట, మధ్యకోటల్లో పుట్టి పెరిగినవారు మరోవైపు ఉన్నారు. మొదటివారికి దారి కావాలి. రెండోవారు అడుగుతున్నది వేరు: దారి వేయడానికి అడ్డురాని చట్టం మా ఇంటికి ఎందుకు అడ్డొచ్చింది?

కాకతీయుల కథ ఇక్కడ మళ్లీ చెప్పనక్కరలేదు. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమదేవి పూర్తి చేయడం, 1323లో ఢిల్లీ సేనలకు కోట చిక్కడం బడిపిల్లలకూ తెలిసినవే. ఈ తగాదాకు 1323తో పని లేదు. పని ఉన్నది 2010తో, ఆ ఏడాది పురాతన కట్టడాల చట్టానికి వచ్చిన సవరణతో.

అక్కడికి వెళ్లే ముందు, కోటను తోరణాల దగ్గర ఫొటోల్లో మాత్రమే చూసినవారి కోసం నేల సంగతి కొంత చెప్పాలి. కోట అంటే టికెట్టు కొని లోపలికి వెళ్లే ఆవరణ ఒక్కటే కాదు. నడుమ నాలుగు కీర్తి తోరణాలు, వాటి చుట్టూ రాతికోట. రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, అంటే చుట్టూ తిరిగితే నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ. గోడకు 45 బురుజులు. లోపలి వైపు మట్టి వాలు మీద రాతి మెట్లు పరిచారు కాబట్టి ముసలివారు కూడా నిదానంగా పైకెక్కగలరు. దాని అవతల పొలాలు, ఆ పొలాల అవతల మట్టికోట. దాని వ్యాసం దాదాపు 2.4 కిలోమీటర్లు, చుట్టూ నడవాలంటే ఏడు కిలోమీటర్ల పైమాటే. ఎత్తుపల్లాలు తక్కువ. రెండు గంటలు చాలు. ఎడమ చేతి వైపు కందకం, కుడి చేతి వైపు మొక్కజొన్న, ఆకుకూరల మడులు, తాటిచెట్లు. ఎటు తిరిగినా దూరాన ఏకశిల గుట్ట కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి దారి తప్పే భయం లేదు. ఇంత తేలికైన, ఇంత పాత నడక ఊరి బస్సుకు అందే దూరంలో ఉన్న నగరాలు మన రాష్ట్రంలో ఎన్నో లేవు.

ఈ బాటను ఎవరూ వేయలేదు. బర్రెలు తోలుకెళ్లేవారు, గీత కార్మికులు, పొలానికి అడ్డదారిన వెళ్లేవారు నడిచి నడిచి చేసిన బాట ఇది. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు కోసం పిల్లలు ఎక్కేది కూడా ఈ కట్టే. నడకదారి అన్న పేరు మాత్రమే కొత్త.

ఇక 2010. అంతకు ముందు 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద 1992 జూన్ 16న ఒక నోటిఫికేషన్ వచ్చింది: రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అంటే అనుమతి తీసుకునే కట్టాల్సిన చోటు. కాగితం మీద కఠినంగానే ఉన్నా, నిషిద్ధ పరిధిలో కూడా కొన్ని కట్టడాలకు అనుమతులిస్తూ పోయేందుకు కేంద్ర పురావస్తు శాఖ ఒక కమిటీని పెట్టుకుంది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ అనుమతులకు చట్టబలం లేదని తేల్చింది. అప్పటికే ఇచ్చినవాటిని కాపాడుకోవడానికి 2010 జనవరిలో ఆర్డినెన్సు, మార్చిలో సవరణ చట్టం వచ్చాయి. ఢిల్లీ భవనాల తలనొప్పికి వేసిన మందు అది. పాతవాటిని గట్టెక్కిస్తూనే, ఇకపై నిషిద్ధ ప్రాంతంలో ఎవరికీ, ప్రజా పనులకు సైతం, కొత్త నిర్మాణ అనుమతి ఇవ్వరాదని బిగించారు. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1992కు ముందున్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు, కానీ అధికారి అనుమతి తీసుకున్నాకే.

ఒంటరి గుడికో సమాధికో ఈ కొలత సరిపోతుంది. కట్టడం నడుమ ఉంటుంది, దాని చుట్టూ వంద మీటర్ల ఖాళీ వదులుతారు. కోట విషయంలో కట్టడమే చుట్టూ ఉంది, నడుమ ఉన్నది ఊరు. టేపు ఎక్కడ పెట్టాలి? రాతికోట గోడనే హద్దుగా తీసుకుని లోపలికి కొలిచి చూడండి. గోడ నుంచి నడుమకు 600 మీటర్లు. అందులో మొదటి 100 నిషిద్ధం, తర్వాతి 200 నియంత్రితం. మిగిలింది నడిబొడ్డున 300 మీటర్ల వ్యాసార్ధం. అక్కడ తోరణాలు ఉన్నాయి, వాటి 100, వాటి 200 మళ్లీ బయటికి కొలవాలి. అంటే రాతికోట లోపల ఏ ఇంటి మెట్టు మీద నిలబడినా ఏదో ఒక గీత లోపల ఉన్నట్టే. బయట మట్టికోటకూ ఇదే లెక్క వేస్తే పొలాల్లోని పశువుల కొట్టాలకు కూడా చిక్కే.

నా ఉద్దేశంలో ఈ తగాదా మొత్తం ఆ టేపు దగ్గరే పుట్టింది. దేశంలో కేంద్ర రక్షణలో ఉన్న 3,600కు పైగా కట్టడాలకు, చిన్నదైనా పెద్దదైనా, ఒకే కొలత పెట్టడం సరికాదని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా అన్నది. 2018లో ప్రజా పనులకు వెసులుబాటు ఇచ్చే సవరణ బిల్లును లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభలో అది సెలెక్ట్ కమిటీకి వెళ్లింది. గమనించండి, ఆ బిల్లు వెసులుబాటు ఇవ్వాలనుకున్నది ప్రజా పనులకు. పెళ్లీడుకొచ్చిన కొడుకు కోసం ఒక గది వేసుకునేవారికి కాదు.

కోటవాసుల మాట ఇక్కడ వినాలి. వీరిలో చాలామంది ఇళ్లు 1992 కంటే పాతవి, కొన్ని తాతల నాటివి. కప్పు కారితే రేకులు మార్చడానికి కాగితాలు పెట్టాలి. బ్యాంకు అప్పుకు నిర్మాణ అనుమతి అడుగుతుంది, అనుమతికి నిరభ్యంతర పత్రం అడుగుతారు. పొలం గట్టున మోటారు గది వేసినా ఎవరైనా వచ్చి అడగవచ్చునన్న భయం ఒకటి. అటువంటివారికి, కట్ట మీద టైల్సు పరుస్తాం, దీపాలు పెడతాం, కంచె వేస్తాం అన్న మాట వినిపిస్తే ఒళ్లు మండదా? కంచె వేశాక బర్రెలు ఎటు ఎక్కాలి అన్నది వారి రెండో ప్రశ్న. దానికి నడక ప్రియుల దగ్గర ఇంతవరకు జవాబు వినలేదు.

నడిచేవారి వాదనలోనూ నిజం ఉంది. కట్ట మీద సర్కారు తుమ్మ కమ్ముకుంది. కొన్నిచోట్ల మట్టి తవ్వుకుపోయారు, కొన్నిచోట్ల చెత్త, సీసాలు. జనం తిరుగుతూ ఉంటే ఆక్రమణలు ఆగుతాయని వారి నమ్మకం. 2015లో మొదలైన కేంద్ర హృదయ్ పథకంలోని 12 వారసత్వ నగరాల్లో వరంగల్ ఒకటి. మరుసటి ఏడాది స్మార్ట్ సిటీ జాబితాలోకీ చేరింది. భద్రకాళి చెరువు కట్ట నడకదారి అయినప్పుడు కోట కట్ట ఎందుకు కాకూడదన్న ఆశ అప్పటిది. చెరువు కట్ట మీద ఎవరి పొలమూ లేదన్న తేడాను ఆ ఆశ పట్టించుకోలేదు.

ఈ మధ్యలో యునెస్కో ముచ్చట ఒకటి. 2014లో తాత్కాలిక జాబితాలోకి వెళ్లినప్పుడు వేయిస్తంభాల గుడి, వరంగల్ కోట, రామప్ప మూడూ కలిసే వెళ్లాయి. 2021 జులై 25న ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది రామప్పకు మాత్రమే. ఆనాటి నుంచి, కోటలో జనం ఉండబట్టే మనకు రాలేదన్న మాటను కొందరు సులువుగా అనేస్తుంటారు. జైసల్మేర్ కోటలో ఈనాటికీ వేలమంది కాపురం ఉంటున్నారు. రాజస్థాన్ గిరిదుర్గాల్లో ఒకటిగా దానికి 2013లోనే ఆ హోదా వచ్చింది. జనం ఉండటమే తప్పయితే అది ఎలా వచ్చినట్టు?

తోరణం 2014 నుంచి రాష్ట్ర చిహ్నంలో ఉంది. 2024లో దాన్ని మారుస్తారన్న వార్తకు వరంగల్‌లో ఎంత రగడ అయిందో గుర్తుండే ఉంటుంది. ఆ చిహ్నం ముద్రించిన నోటీసు కాగితమే తోరణం వెనక వాడలో తలుపులకు అంటిస్తారు.

ప్రస్తుతం తేలాల్సినవి రెండు. ఒకటి, 2010 చట్టం ప్రకారమే ప్రతి రక్షిత కట్టడానికీ విడిగా వారసత్వ నియమావళి తయారు చేయాలి. అందులో కోట లోపలి వాడలను ఎలా చూపిస్తారు, టేపు ఎక్కడ పెడతారు? రెండు, నడకదారి అంటే ఏమిటి? టైల్సు, స్తంభాలు, కంచె అయితే అది నిర్మాణమే, ఇంటికి వర్తించే నిషేధం దానికీ వర్తించాలి. తుమ్మ కొట్టేసి, చెత్త ఎత్తేసి, పాత మట్టిబాటను మట్టిబాటగానే వదిలేస్తే కొత్తగా కట్టేదేమీ లేదు. బర్రెలకూ అడ్డు లేదు, బూట్లకూ అడ్డు లేదు. ఈ రెండో పద్ధతికి టెండరు పిలవాల్సిన పని పెద్దగా ఉండదు కాబట్టి, దాని గురించి మాట్లాడేవారు కూడా తక్కువే.