చెవిటి తాతయ్య జోకు: గొడవ వెనక కథ

చెన్నై టీ.నగర్‌లో కొందరు తెలుగు కుర్రాళ్లు తీసిన కామెడీ లఘుచిత్రం చూస్తూ పెద్దవాళ్లు మధ్యలోనే లేచి వెళ్లిపోవడంతో ముసలితనం మీద జోకులేయొచ్చా అన్న పాత తగువు మళ్లీ రాజుకుంది. అందులో తాతయ్య వేషం వేసింది పాతికేళ్ల కుర్రాడు. మనవరాలు "మందులేసుకున్నావా తాతయ్యా?" అంటే, ఆయన "చిందులా? ఈ మోకాళ్లతోనా?" అంటాడు. సినిమా అంతా అలాంటివే. కామెడీని కామెడీగా చూడాలన్నది కుర్రాళ్ల వాదన. ముందు వరసలో చివరిదాకా కూర్చున్న ఓ రిటైర్డ్ టీచరమ్మ అభ్యంతరం వేరు: "నాకూ చెవుడే నాయనా, నేనూ నవ్వాను. ఇంతసేపట్లో ఆయనకేం కావాలో ఒక్కసారైనా చెప్పించారా?"

కుర్రాళ్లు ‘గుండమ్మ కథ’ (1962)ను సాక్ష్యానికి తెస్తున్నారు. అప్పటికి సూర్యకాంతం వయసు 37. ఎన్టీఆర్‌కు తండ్రిగా వేసిన ఎస్వీ రంగారావు ఆయనకన్నా ఐదేళ్లే పెద్ద. అలాంటప్పుడు పాతికేళ్లవాడి జుట్టుకు తెల్లరంగు పూస్తే తప్పేంటంటారు. లెక్క సరే. కానీ సవతి కూతురితో చాకిరీ చేయించుకోవాలి, సొంత కూతురికి గొప్పింటి సంబంధం రావాలి అన్న గుండమ్మ ఆశ మీదే ఆ కథ నడుస్తుంది. ఆవిడ గయ్యాళితనానికి నవ్వినవాళ్లమే, తనను మించిన గయ్యాళి దుర్గమ్మ చేతికి చిక్కాక అయ్యో అంటాం.

అసలు మలుపు కామెడీ ట్రాక్‌తో వచ్చింది. 1980ల కోడంబాక్కంలో, అంటే చెన్నై సినిమా స్టూడియోల పేటలో, నవ్వులు చాలావరకు కథలోంచి విడివడి వేరే రచయిత చేతికి వెళ్లాయి. తమిళ హాస్యనటులు గౌండమణి–సెంథిల్ జంటకు ఎ. వీరప్పన్ విడిగా కామెడీ రాసేవారు. 1990ల మొదట్లో తెలుగులో కోట–బాబూమోహన్ జంట వెలిగింది. వాళ్లు కడుపుబ్బ నవ్వించారు, దానికి వంక పెట్టేదేం లేదు. చిక్కల్లా ఏమిటంటే, ట్రాక్‌లో పక్క వేషానికి దొరికేది నిమిషమో రెండో. అంతలో వచ్చినవాడు ముసలాడని జనానికి తెలియాలి, నవ్వూ రావాలి. దగ్గు, చెవుడు, బోసినోరు, పడుచుపిల్లను చూసి చొంగ కార్చడం. ఇంకేం పడుతుంది అందులో? తెలుగు సినిమా ఊరు మారి హైదరాబాద్ చేరినా ఆ సామాను మాత్రం వెంటే వెళ్లింది. ఇప్పుడు టీ.నగర్ కుర్రాళ్లు వాడిందీ అదే.

‘మిథునం’ (2012)లో తనికెళ్ల భరణి తెరమీద బాలు, లక్ష్మి ఇద్దరినే ఉంచి సినిమా నడిపారు. బాలు వేసిన అప్పదాసు తిండియావకు నవ్వొస్తుంది, కానీ ఆ యావ ముప్పై ఏళ్ల వయసులోనూ ఆయనకు ఉండే ఉంటుంది. ‘ఓ బేబీ’ (2019) డెబ్బై ఏళ్ల ఆవిడ కోరికలకు కథంతా ఇచ్చింది, అయితే ఆవిడ పడుచుగా మారిపోతుంది కనక ఎక్కువసేపు కనిపించేది సమంత ముఖం. సగం గెలుపే.

తాతయ్య సీన్లు తిరగరాస్తామని కుర్రాళ్లు ఒప్పుకున్నారు. వేషధారిని మాత్రం మార్చరట, పెద్దవాళ్లు షూటింగుకు ఓపలేరట. ఆ చుట్టుపక్కలే డెబ్బై దాటిన పాత నాటకాలవాళ్లున్నారు. వాళ్లను అడిగి చూశామని మాత్రం ఎవరూ అనడం లేదు.