ఎదిగే పిల్లల లాగూ, చిట్టితల్లి ట్యాబూ

పాత పోస్టాఫీసు దగ్గర,
విశాఖపట్నం,
మే నెలాఖరు, 2025

చిరంజీవులు చిట్టికి, నానికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం గాజువాక బస్సెక్కబోతూ చిట్టి ఒక ప్రశ్న అడిగింది. "ఆలోచించి చెప్తానమ్మా" అన్నాను, బస్సు కదిలిపోయింది. ఫోన్లో చెప్పొచ్చు. కానీ ఫోన్లో అయితే మీ నాన్న మధ్యలో అందుకుని మాటని ధరల దగ్గరికి లాక్కుపోతాడు. అందుకని కాగితం తీశాను. సువర్ణరేఖలు పంపుతున్న సంచిలోనే ఇదీ పెడుతున్నాను. పండ్లు ముందు తినండి, ఉత్తరానికి తొందర లేదు.

చిట్టి అడిగింది ఇదీ: "తాతయ్యా, మార్చిలో వచ్చిన ఐప్యాడ్ కొందామంటే దాంట్లో చిప్పు 2022 నాటి ఫోన్లో వచ్చిందేనట. ఆపిల్ వాళ్ళ ఏఐ కూడా దాంట్లో పని చెయ్యదట. వచ్చేసారి వచ్చేదాంట్లో ఉంటుందంటున్నారు. ఇప్పుడు కొనేశాక మూడు నెలల్లో కొత్తది వచ్చేస్తే? ఆగుదామా?"

అడుగుతున్నప్పుడు నీ మొహంలో టెన్షన్ చూశాను తల్లీ. రెండేళ్ళుగా పండగలకి చేతిలో పెట్టిన డబ్బులన్నీ దాచుకున్నావు. తక్కువ పడింది నేను వేస్తానన్నాను. ఇంత డబ్బు మళ్ళీ కూడాలంటే ఎన్ని పండగలు రావాలో అని నీ భయం. ఆ భయం మంచిదే. డబ్బంటే ఆ మాత్రం భయం ఉండాలి.

చిప్పుల శాస్త్రం జోలికి నేను పోను. నాకు తెలిసిన దారిలో చెప్తాను. నా లాగు గురించి చెప్తాను.

1963లో నేను ఆరో తరగతిలో చేరాను. అప్పుడు మేం కోటవీధిలో ఉండేవాళ్ళం. బడికి నీలం లాగు, తెల్ల చొక్కా. ఆ ఏడాది నేను వానకి గడ్డి లేచినట్టు లేచాను. జూన్‌లో నాన్న బట్ట కొనబోతే మా నాయనమ్మ అడ్డం పడింది. "ఆగరా, గుంటడు ఎదిగిపోతన్నాడు. ఇప్పుడు కుట్టిస్తే దసరాకి పొట్టయిపోద్ది. దసరాకే కుట్టిద్దాం" అంది. దసరా వచ్చింది. నేను ఇంకా ఎదుగుతూనే ఉన్నాను. "సంక్రాంతికి చూద్దాం" అంది. ఈలోగా పాత లాగు వెనక చిరిగింది. అమ్మ లోపలినుంచి ముక్క వేసి కుట్టింది. ఇంట్లో నీలం గుడ్డ లేదు, దొరికింది బూడిదరంగు గుడ్డ.

ఆ నెలలన్నీ నేను బడిలో గోడకి ఆనుకునే నడిచాను. పుస్తకాల సంచి వెనక్కి వేలాడేలా వేసుకునేవాణ్ణి. ఒకరోజు లెక్కల మాస్టారు బోర్డు మీద భిన్నాల లెక్క వేసి, ఎవరొచ్చి చేస్తారన్నారు. నాకు వచ్చు. జవాబు నోటి దాకా వచ్చేసింది. కానీ బోర్డు దగ్గరికెళ్తే క్లాసంతటికీ వీపు తిప్పి నిలబడాలి. నేను లేవలేదు. ముందు బెంచీ కుర్రాడెవరో వెళ్ళి తప్పు చేశాడు. మాస్టారు తనే చేసేసి తుడిచేశారు. అరవై ఏళ్ళు దాటినా ఆ లెక్క నాకింకా గుర్తే: నాలుగింట మూడు వంతుల్లోంచి మూడింట రెండు వంతులు తీసెయ్యాలి. పన్నెండో వంతు మిగులుతుంది.

సంక్రాంతికి కుట్టించారు. కురుపాం మార్కెట్ దగ్గర ఒక టైలరు ఉండేవాడు. నాన్న అందరూ అనే మాటే అన్నాడు: "ఎదిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టు." ఆయన లాగు అంచు దగ్గర రెండంగుళాల బట్ట లోపలికి మడిచి కుట్టాడు. నడుం వెనక కుట్టులో ఇంకో అంగుళం వదిలాడు. ఆపై జూన్‌లో అమ్మ అరుగు మీద కూర్చుని బ్లేడుతో ఆ కుట్లు ఒక్కొక్కటే తెంపి మడత విప్పింది. లోపలి బట్ట ఎండ సోకనిది కదా, కొన్ననాటి రంగులోనే ఉంది. పైదంతా వెలిసిపోయింది. మోకాలి మీద చుట్టూ ముదురు నీలం పట్టీ వేసినట్టుండేది. నేను అప్పుడప్పుడు ఆ పట్టీ మీద వేలు పెట్టి చూసుకునేవాణ్ణి. అది కుట్టించాక నేను ఎదిగింది అంతన్నమాట.

ఇప్పుడు నీ ట్యాబ్ సంగతి.

నీకు కొత్త మోడల్ వచ్చేస్తుందేమోనని భయం. వస్తుంది. అందులో అనుమానం లేదు. ఎప్పుడు వస్తుందన్నదే ఎవరికీ అందదు. 2012 మార్చిలో మూడో ఐప్యాడ్ వచ్చింది. కొన్నవాళ్ళు ఇంకా మురిసిపోతుండగానే, అక్టోబరులో నాలుగోది ప్రకటించారు. ఏడు నెలలే తేడా! నువ్వు భయపడుతున్నది సరిగ్గా అదే. రెండోవైపు కూడా చూడు. 2022 అక్టోబరులో పదో తరం ఐప్యాడ్ వచ్చింది. "2023లో కొత్తది రాకపోతుందా" అని ఆగినవాళ్ళు ఆగారు. ఆ ఏడాది ఆపిల్ ఒక్క కొత్త ఐప్యాడ్ కూడా విడుదల చెయ్యలేదు. ఆ వరసలో తర్వాతది నువ్వు చూసిన ఈ 2025 మార్చిదే. ఒకసారి ఏడు నెలలు, ఒకసారి రెండేళ్ళ మీద అయిదు నెలలు. యూట్యూబులో "వచ్చేస్తోంది" అని చెప్పేవాళ్ళ మాట పట్టుకుని నీ చదువుల కాలం ఎలా లెక్కేసుకుంటావమ్మా?

ఆగినవాళ్ళకి లాభమే రాలేదని నేను అనను. ఆ పదో తరంది మన దేశంలో మొదట 44,900 రూపాయలకి వచ్చింది, అందులో 64 జీబీ స్టోరేజీ. ఇప్పుడొచ్చింది 34,900, స్టోరేజీ 128. ధర పదివేలు తగ్గింది, స్టోరేజీ రెట్టింపయింది. ఇది చిన్న లాభం కాదు. కానీ అప్పుడు నువ్వు ఏడో తరగతిలో ఉన్నావు, ఇప్పుడు పదిలోకి వస్తున్నావు. ఆ రెండున్నరేళ్ళలో వెయ్యగలిగిన బొమ్మలన్నీ పదివేలకి అటు పెట్టి చూడు. ఏది బరువో నువ్వే తూచుకో.

మా మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, మీకు తెలుసు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో సర్కారు బళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు కదా, వాళ్ళమ్మాయికీ ఒకటి వచ్చింది. ఏ మోడలని అడిగిందా, ఏ చిప్పని అడిగిందా? చేతికొచ్చిన సాయంత్రమే మెట్ల మీద కూర్చుని లైటు కింద పాఠం పెట్టుకుంది. ఇప్పుడు దాని మూల పగిలింది, పారదర్శకంగా ఉండే టేపు వేసింది. మొన్న ఇంటర్‌లో చేరడానికి ఫారం కూడా దాంట్లోనే నింపింది.

అలాగని ఏదొస్తే అది కొనెయ్యమని కాదు. కురుపాం మార్కెట్ టైలరుని గుర్తు తెచ్చుకో. పిల్లాడు ఎదగడం ఆగేదాకా ఆయన ఆగలేదు, కొలత ఇవాళ్టిదే తీసుకున్నాడు. కానీ మడత వదిలాడు. ట్యాబ్‌లో మడత ఎక్కడుంటుందో చూసి కొనాలి, అదే అసలు కిటుకు.

స్టోరేజీ ఒక మడత. ఐప్యాడ్‌లో మెమరీ కార్డు పెట్టే చోటు ఉండదు. కొన్నాక బట్ట అతికించలేం. నాలుగేళ్ళ కిందట నేను కొన్న చిన్న ట్యాబ్ మీరు చూశారుగా, డబ్బు కలిసొస్తుందని 16 జీబీది తీసుకున్నాను. భీమిలిలో మీరిద్దరూ ఇసుకలో ఆడుతుంటే తీసిన వీడియోలు చెరిపేస్తే గానీ బ్యాంకు యాప్ ఎక్కలేదు. ఆ వీడియోలు ఇక రావు. నీకు బొమ్మలున్నాయి, పాఠాల వీడియోలుంటాయి. 128కి తగ్గొద్దు.

అప్‌డేట్లు రెండో మడత. 2010లో వచ్చిన మొట్టమొదటి ఐప్యాడ్‌కి కెమెరా లేదు, పనిచేసే మెమరీ 256 ఎంబీ. 2012లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేరు దానికి అందలేదు. రెండేళ్ళకే పొట్టయిపోయింది. ఒక్క ఏడాది ఆగి ఐప్యాడ్ 2 కొన్నవాళ్ళకి మెమరీ రెట్టింపు, కెమెరాలు వచ్చాయి. దానికి కొత్త సాఫ్ట్‌వేరు 2016 దాకా అందుతూనే ఉంది. చూశావా, ఇక్కడ ఆగినవాళ్ళదే తెలివి. ఏ వస్తువైనా లోకంలోకి మొట్టమొదటిసారి వచ్చినప్పుడు టైలరుకే కొలత తెలియదు. అలాంటప్పుడు ఆగాలి. నీ ఐప్యాడ్ అలాంటిది కాదు, పదిహేనేళ్ళుగా కుడుతున్న లాగు. ఆండ్రాయిడ్ ట్యాబ్ వైపు మనసు పోతే "ఎన్నేళ్ళు అప్‌డేట్లిస్తారు" అని ముందే అడుగు. శాంసంగ్ 2024 జనవరిలో తన ఎస్24 ఫోన్లకి ఏడేళ్ళు ఇస్తామంది. చవక ట్యాబులన్నిటికీ అంత ఉంటుందనుకోవద్దు.

ఇంకోటి కాజాలు. చొక్కా కొన్నాక గుండీ కాజాలో దూరకపోతే ఏం లాభం? నువ్వు బొమ్మలు వేసుకోవడానికి పెన్సిల్ కావాలన్నావు. ఆపిల్ పెన్సిళ్ళు చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ ప్రతీదీ ప్రతి ఐప్యాడ్ మీదా పని చెయ్యదు. నువ్వు చూసినదానికి మొదటి తరం పెన్సిలూ, యూఎస్‌బీ-సీ పెన్సిలూ సరిపోతాయి. ఖరీదైన పెన్సిల్ ప్రో దాని మీద రాయదు. కొనేముందు షాపులో అదే ట్యాబ్ మీద అదే పెన్సిల్‌తో ఒక గీత గీసి చూడు.

ఏఐ సంగతి. ఇంటర్నెట్ మీద నడిచే ఏఐ యాప్‌లు ఈ ట్యాబ్‌లోనూ తెరుచుకుంటాయి, లేనిది ఆపిల్ లోపల అమర్చినది. నీ బొమ్మకి నీ చెయ్యి చాలు. పదో తరగతిలో ఉన్నప్పుడు లెక్క కూడా నువ్వే చేసుకుంటే నాకు సంతోషం.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగు. కంపెనీయే ఫలానా తారీఖు అని చెప్పి, ఆ తారీఖు నెల లోపల ఉంటే ఆగు. కొత్తది నచ్చకపోయినా పాతదాని ధర దిగుతుంది. ఇప్పుడు అలాంటి కబురేదీ లేదు. జూన్‌లో బడి తెరుస్తారు.

నానీ, నువ్వు ఇక్కడిదాకా ఓపిగ్గా చదివావంటే నాకు తెలుసు, "మరి నాకో?" అంటావు. నువ్వు ఆగు నాన్నా. అక్కకి ఇవాళ పని ఉంది, నీకు ఇంకా పని పుట్టలేదు. నా లాగు మడతలన్నీ విప్పేశాక మా తమ్ముడికి వెళ్ళింది. వాడు దాన్ని వేసుకునే ఈత నేర్చుకున్నాడు. అక్క ట్యాబ్ కూడా ఒకనాటికి నీ దగ్గరికి వస్తుంది. బ్యాటరీ ఛార్జింగు పెట్టగా పెట్టగా అరుగుతుంది కాబట్టి అప్పటికి కాస్త నీరసించి ఉంటుంది. అప్పుడు బ్యాటరీ మార్పించే ఖర్చు నాది.

చివరగా ఒక ముచ్చట. ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అమెరికాలో ఆలన్ కే అని ఒకాయన ఉన్నారు. 1968లో, అంటే నేను స్కూలు చదువు పూర్తి చేస్తున్న రోజుల్లో, పిల్లలు చేత్తో పట్టుకుని తిరిగే పలకలాంటి కంప్యూటర్ ఉంటే ఎలా ఉంటుందని ఆలోచించారు. అప్పటి కంప్యూటర్లు గదులు నింపేవి. ఆయన ఏం చేశారో తెలుసా? అట్టతో ఒక నమూనా చేశారు. ఎంత బరువైతే పిల్లలు మొయ్యగలరో చూద్దామని లోపల సీసపు గుళ్ళు పోశారు! కిలోకి లోపే ఉండాలని తేల్చుకున్నారు. 1972లో రాసిన వ్యాసంలో ఇద్దరు పిల్లలు గడ్డి మీద కూర్చుని ఆ పలకలతో ఆడుకుంటున్న బొమ్మ వేశారు. లోకంలో అలాంటి వస్తువు లేనే లేదు. ఆ ఇద్దరు పిల్లలూ మాత్రం గడ్డి మీద కూర్చుని ఉన్నారు. మొదటి ఐప్యాడ్ వచ్చేసరికి 38 ఏళ్ళు పట్టింది. దాని బరువు 680 గ్రాములు. ఆయన అట్టలో గుళ్ళు పోసి తూచిన బరువు లోపలే!

మీరూ అలా చేసి చూడండి. నువ్వు కొనాలనుకున్నది 25 సెంటీమీటర్ల పొడవు, 18 వెడల్పు, బరువు అరకిలోకి కాస్త తక్కువ. పార్సిల్ డబ్బా అట్ట నుంచి ఆ కొలతకి రెండు ముక్కలు కొయ్యండి. అమ్మనడిగి అరకిలో కందిపప్పు మధ్యలో పల్చగా పరిచి మూసెయ్యండి. చిట్టీ, నువ్వు బొమ్మలేసేటప్పుడు ఎలా కూర్చుంటావో అలాగే కూర్చుని, ఎడమ చేత్తో పట్టుకుని, అరగంట పెన్సిల్‌తో దాని మీద గీయి. మణికట్టు నొప్పెడితే స్టాండ్ ఉన్న కవరు కూడా కొందాం. నొప్పి లేకపోతే ఆ డబ్బు పెన్సిల్‌కి వేద్దాం.

ఆదివారం ఆ అట్ట ట్యాబ్ తీసుకుని రండి. ద్వారకానగర్ షాపుకి వెళ్ళేముందు నేనూ ఒకసారి పట్టుకుని చూస్తాను. బస్సులో పప్పు కారిపోకుండా అంచులకి టేపు గట్టిగా వెయ్యండి.

మీ
తాతయ్య