పోర్ఫిరిన్ రంగులు, లేజర్ కాంతి: పెద్ద అంకెల వెనక కథ

పోర్ఫిరిన్‌తో కొత్త రంగు అణువును డిజైన్ చేశామనీ, లేజర్ కాంతికి అది మామూలు అణువులకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా స్పందిస్తుందనీ చెప్పే పరిశోధన పత్రాలు తరచూ కనిపిస్తుంటాయి. అందులో చాలా అణువులు ఇంకా ఏ సీసాలోకీ చేరలేదు, కంప్యూటర్ లెక్కల్లోనే ఉన్నాయి. అంకె చూసి మురిసిపోయే ముందు అది ఏ దారిన వచ్చిందో చూడాలి. ఆ దారి కాస్త పొడవైనదే.

పోర్ఫిరిన్ మన ఒంట్లోనే ఉంది. నాలుగు పిరోల్ వలయాలు (ఒక్కోదానిలో నాలుగు కార్బన్లు, ఒక నైట్రోజన్) గుండ్రంగా కలిసి పెద్ద వలయంగా ఏర్పడతాయి. నడిమధ్య నాలుగు నైట్రోజన్లు, వాటి మధ్య ఒక లోహానికి సరిపడా చోటు. అక్కడ ఇనుము చేరితే రక్తానికి ఎరుపునిచ్చే హీమ్. ఆకుల్లోని పత్రహరితం దీనికి దగ్గరి చుట్టమే, దాని మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. 400 నానోమీటర్ల దాపున ఊదా కాంతిని రక్తం గట్టిగా పీల్చుకుంటుందని 1883లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సోరే గమనించాడు. ఆ పట్టీని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1912లో కూస్టర్ ఈ వలయ నిర్మాణాన్ని ప్రతిపాదిస్తే అంత పెద్ద వలయం నిలుస్తుందని అప్పట్లో పెద్దగా ఎవరూ నమ్మలేదు. 1929లో మ్యూనిక్‌లో హాన్స్ ఫిషర్ హీమ్‌కు దగ్గరి రూపమైన హెమిన్‌ను తయారుచేసి చూపించాక గానీ అనుమానం తీరలేదు. మరుసటి ఏడాదే ఆయనకు నోబెల్ వచ్చింది.

ప్రకృతి చేసిన పోర్ఫిరిన్ కన్నా ల్యాబ్‌లో చేసిందే ఈ కథకు ముఖ్యం. 1967 నాటి ఆడ్లర్, లాంగో పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. పిరోల్, బెంజాల్డిహైడ్ రెండింటినీ ప్రొపియోనిక్ యాసిడ్‌లో వేసి అరగంట మరిగిస్తారు. ద్రవం నల్లబడిపోతుంది, వాసన ఘాటుగా ఉంటుంది, చూస్తే అంతా పాడైపోయిందనిపిస్తుంది. చల్లారాక వడకడితే ఫిల్టర్ పేపర్ మీద మెరిసే ఊదా రంగు స్ఫటికాలు మిగులుతాయి. దిగుబడి ఇంచుమించు 20 శాతమే. అయినా చవక, సులువు. బెంజాల్డిహైడ్ బదులు ఇంకో ఆల్డిహైడ్ వేస్తే ఇంకో పోర్ఫిరిన్. అణువును ఇష్టం వచ్చినట్టు మార్చుకునే వీలు ఇక్కడే దొరికింది.

ఇక కాంతి సంగతి. మామూలు దీపపు కాంతిని రెట్టింపు చేస్తే పదార్థం స్పందనా రెట్టింపవుతుంది. లేజర్ తీవ్రత దగ్గర ఈ లెక్క తప్పుతుంది. 1960లో మైమన్ రూబీ లేజర్‌ను వెలిగించాడు. మరుసటి ఏడాదే మిషిగన్ యూనివర్సిటీలో ఫ్రాంకెన్ బృందం 694.3 నానోమీటర్ల ఎర్ర కాంతిని క్వార్ట్జ్‌లోకి పంపి, అందులో సగం తరంగదైర్ఘ్యమున్న అతినీలలోహిత కాంతిని రాబట్టింది. ఫొటోప్లేటు మీద ఆ చుక్క ఎంత మసకగా పడిందంటే, మరక అనుకుని పత్రికవాళ్లు చెరిపేశారట. అచ్చులో బాణం గుర్తు మాత్రం ఖాళీ చోటును చూపిస్తూ మిగిలిపోయింది. ఇలా లెక్క తప్పే స్పందనలను చదివే అరేఖీయ కాంతిశాస్త్రం అలా మొదలైంది.

పోర్ఫిరిన్లు ఇందులోకి వేరే తలుపు నుంచి వచ్చాయి. 1985లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో బ్లావ్ బృందం టెట్రాఫినైల్ పోర్ఫిరిన్లలో (బెంజాల్డిహైడ్‌తో చేసేవి ఇవే) ఒక వింత చూసింది. లేజర్ తీవ్రత పెంచేకొద్దీ ద్రావణం కాంతిని మరింత ఎక్కువగా ఆపేస్తోంది. ఒకసారి ఉత్తేజితమైన అణువు, మామూలు స్థితిలో ఉన్నప్పటికన్నా ఎక్కువ కాంతిని మింగడమే దీనికి కారణం. కళ్లనూ సెన్సర్లనూ లేజర్ దెబ్బ నుంచి కాపాడే ఫిల్టర్లకు ఇది పనికొస్తుందని అందరికీ ఆశ పుట్టింది.

కొలిచే పద్ధతి కూడా చేతికొచ్చింది. 1989లో షేక్ బహాయీ, సయీద్, వాన్ స్ట్రైలాండ్ జెడ్-స్కాన్‌ను పరిచయం చేశారు. లెన్సు ఫోకస్ చేసిన లేజర్ కిరణం దారిలో, మిల్లీమీటర్ మందం గాజు సెల్‌లో ద్రావణం పోసి పెడతారు. దాన్ని ఫోకస్ వైపు కొద్దికొద్దిగా జరుపుతూ అవతలికి ఎంత కాంతి వస్తోందో చూస్తారు. ఫోకస్ దగ్గర గ్రాఫ్ గొయ్యిలా దిగితే అక్కడ అరేఖీయ శోషణ ఉన్నట్టే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఈ కథలో చోటుంది. అక్కడి భౌతిక శాస్త్రంవాళ్లు నారాయణరావు, వేణుగోపాలరావు, రసాయన శాస్త్రం వైపు భాస్కర్ మైయా, గిరిబాబు, మరికొందరు కలిసి 2000 నాటికే టెట్రాటోలిల్ పోర్ఫిరిన్లపై జెడ్-స్కాన్ ఫలితాలు ప్రచురించారు.

అసలు చిక్కు సౌష్ఠవం. టెట్రాఫినైల్ పోర్ఫిరిన్ ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. ఫ్రాంకెన్ చూసినలాంటి రెండో క్రమం స్పందన అలాంటి అణువు నుంచి రాదు, ఒక వైపు ప్రభావాన్ని ఎదురు వైపు రద్దు చేసేస్తుంది. అందుకే ఒక కొసన ఎలక్ట్రాన్లను ఇచ్చే గుంపును, ఎదుటి కొసన లాక్కునే గుంపును పెట్టాలి. 1992లో సస్లిక్ బృందం అమైనో, నైట్రో ఫినైల్ వలయాలతో ఇదే చేసింది. ఫలితం ఓ మోస్తరుగా వచ్చింది. పక్కనున్న హైడ్రోజన్లు అడ్డుపడటంతో ఫినైల్ వలయాలు పోర్ఫిరిన్ తలానికి దాదాపు అడ్డంగా తిరిగిపోతాయి, ఎలక్ట్రాన్లకు దారి తెగిపోతుంది. 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో థీరియన్ బృందం మధ్యలో ఇథైనిల్ వంతెన వేసింది. రెండు కార్బన్ల మూడు బంధం అంతే. వలయం దూరంగా జరిగింది, ఒకే తలంలోకి వచ్చింది, స్పందన ఒక్కసారిగా ఎగబాకింది. నన్నడిగితే ఈ రంగంలో అన్నిటికన్నా అందమైన డిజైన్ ఇదే.

అంకెల తగాదా కూడా ఇక్కడే మొదలవుతుంది. 1064 నానోమీటర్ల లేజర్‌తో కొలిస్తే వచ్చే సగం తరంగదైర్ఘ్యపు కాంతి 532 దగ్గర పడుతుంది. పోర్ఫిరిన్ స్వయంగా కాంతిని పీల్చే ప్రాంతమది, కాబట్టి అంకె ఉబ్బుతుంది. ఉపకరణంలో పనికొచ్చేది ఆ ఉబ్బు కాదు. రెండు ఫోటాన్లను ఒకేసారి మింగే శోషణలోనూ ఇదే గొడవ. భౌతిక శాస్త్రవేత్త మరియా గోపర్ట్-మాయర్ 1931లోనే ఊహించిన ప్రక్రియ ఇది, కొలమానానికీ ఆమె పేరే. ఒంటి పోర్ఫిరిన్‌లో ఈ విలువ పదుల్లో ఉంటే, 2003లో జపాన్‌లో ఒగావా, కొబుకే బృందం జంట పోర్ఫిరిన్లను పేర్చి 7,600 సాధించింది. వాళ్లు వాడింది ఫెమ్టోసెకండ్ పల్స్‌లు, అంటే అతి పొట్టి లేజర్ మెరుపులు. అంతకన్నా చాలా పొడవైన నానోసెకండ్ పల్స్‌ల లేజర్ వాడితే ఉత్తేజిత అణువు మింగే కాంతి కూడా లెక్కలోకి దూరి, అంకె ఇంకా ఎన్నో రెట్లు కనిపిస్తుంది. పత్రంలో పల్స్ వ్యవధి చెప్పకుండా రికార్డు అని రాస్తే నేను పేజీ తిప్పేస్తాను.

కంప్యూటర్ లెక్కలకూ ఈ జబ్బు ఉంది. కార్బన్ గొలుసు పొడవయ్యేకొద్దీ మామూలు డీఎఫ్‌టీ పద్ధతులు (ఎలక్ట్రాన్ సాంద్రతతో అణువు లక్షణాలను లెక్కగట్టేవి) స్పందనను విపరీతంగా ఎక్కువ చేసి చూపిస్తాయని 1998లో బెల్జియంలో షాంపేన్ బృందం తేల్చింది. దాన్ని సరిచేయడానికి 2004లో క్యామ్-బి3ఎల్‌వైపి లాంటి సవరించిన డీఎఫ్‌టీ పద్ధతులు వచ్చాయి. పాత పద్ధతితో చేసిన డిజైన్లు ఆ తర్వాతా ఆగలేదు.

ఇంత తంటాలు పడ్డ, ఒక కొసన ఇచ్చే గుంపూ ఎదుటి కొసన లాక్కునే గుంపూ ఉన్న ఈ ‘పుష్-పుల్’ పోర్ఫిరిన్ ఎక్కువ పేరు తెచ్చుకుంది మాత్రం సోలార్ సెల్‌లో. ఒక కొసన అమీన్, ఎదుటి కొసన ఇథైనిల్ వంతెన మీదుగా బెంజోయిక్ యాసిడ్, అదే సూత్రం. రంగు పూసిన సోలార్ సెల్‌లో ఇలాంటి అణువుతో 2011లో 12.3 శాతం, 2014లో 13 శాతం సామర్థ్యం వచ్చింది. ఇటు ఆక్స్‌ఫర్డ్‌లో ఆండర్సన్ బృందం జంట పోర్ఫిరిన్లను వైద్యం వైపు తిప్పింది. రెండు ఫోటాన్ల లేజర్‌తో ఎలుకల్లో రక్తనాళాన్ని మూసెయ్యవచ్చని 2008లో చూపించింది. తాము జెడ్-స్కాన్ చేసిన పోర్ఫిరిన్లను వదలని గిరిబాబు, హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో సోలార్ సెల్ రంగుల పనిలో పడ్డారు.