ఫ్లాట్‌మేట్ వేటలో అపోహలు - వాస్తవాలు: ఒక బ్రోకర్ మాట

హైదరాబాద్‌లో కొండాపూర్, గచ్చిబౌలి వైపు అద్దె ఇళ్లు చూపించడం నా పని. పద్నాలుగేళ్లుగా ఇదే. అందులో సగం ఇళ్లు చూపించడం, మిగతా సగం మనుషుల్ని కలపడం. త్రిబుల్ బెడ్‌రూమ్‌లో ఒకడు ఖాళీ చేసి వెళ్తే మిగిలిన ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు: "అన్నా, ఎవరైనా మంచోడు ఉంటే చూడు." వాళ్ల దృష్టిలో మంచోడంటే ఎవరో మాత్రం చెప్పరు. నేను అడిగితే వచ్చే జవాబుల్లో చాలావరకు ఈ కిందివే.

అపోహ: ఫ్రెండ్ అయితే గొడవలు రావు.

రావు, నిజమే. అడిగితే కదా గొడవ వచ్చేది! కాలేజీలో నాలుగేళ్లు ఒకే రూమ్‌లో ఉన్న ఇద్దరికి ఒక ఇల్లు ఇప్పించాను. ఒకడు ఐదు నెలలు కరెంటు బిల్లులో వాటా ఇవ్వలేదు. రెండోవాడు మొహమాటానికి పోయి తనే కడుతూ వచ్చాడు. ఆరో నెలలో ఇల్లు ఖాళీ చేశారు, ఇప్పుడు వాళ్ల మధ్య మాటల్లేవు. అదే ముక్కూమొహం తెలియనివాడైతే రెండో నెలలోనే "బ్రదర్, నీ వాటా 640" అని మెసేజ్ పెట్టేవాడు. స్నేహితుడితో ఉండొద్దని చెప్పను. అడ్వాన్స్ ఇచ్చే రోజే డబ్బు సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోగలిగితే ఉండండి.

అపోహ: మన ఊరోడైతే సెట్ అయిపోతుంది.

ఊరు కలిస్తే పచ్చళ్లు కలుస్తాయి. అంతకుమించి నేను చూసింది లేదు.

అపోహ: ఇద్దరి టైమింగ్స్ ఒకటే ఉండాలి.

దీన్ని నేనూ చాలాకాలం నమ్మాను. ఒకసారి ముగ్గురు జనరల్ షిఫ్టు కుర్రాళ్లని ఏరికోరి ఒక డబుల్ బెడ్‌రూమ్‌లో పెట్టాను. ఇంటికి బాత్‌రూమ్ ఒకటే, గీజర్ ఒకటే, ముగ్గురికీ తొమ్మిదికల్లా ఆఫీసు. నెల తిరక్కుండానే ముగ్గురూ విడివిడిగా నాకు ఫోన్ చేశారు. అదే సమయంలో నైట్ డ్యూటీలు చేసే ఒక నర్సమ్మాయినీ, పొద్దున్నే ఆఫీసుకెళ్లే ఇంకో అమ్మాయినీ వేరే దారిలేక కలిపాను. రెండేళ్లు హాయిగా ఉన్నారు. వంటింట్లో ఒకరికొకరు అడ్డం రాలేదు, బాత్‌రూమ్ కోసం ఎదురు చూడలేదు. తర్వాత రెండో అమ్మాయికి వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చింది. హాల్లో పగలంతా కాల్స్, పక్క గదిలో నర్సమ్మాయికి నిద్ర లేదు. మళ్లీ నాకు ఫోన్. కాబట్టి ఎన్నింటికి లేస్తారనే దానికన్నా, ఇల్లు నిశ్శబ్దంగా ఎప్పుడు కావాలి, బాత్‌రూమ్ ఎప్పుడు కావాలి అని అడగండి.

అపోహ: అలవాట్లు అడిగితే తెలిసిపోతాయి.

"నీట్‌గా ఉంటారా?" అని అడిగితే ఉండనని చెప్పినవాణ్ని ఇంతవరకూ చూడలేదు. అందరూ నీటే, అందరూ ఫ్లెక్సిబులే. అందుకే నేను గుణాలు అడగను, నిన్నటి సంగతి అడుగుతాను. నిన్న రాత్రి ఎన్నింటికి తిన్నారు? ఆ ప్లేటు ఎప్పుడు కడిగారు? ఇప్పుడుండే ఇంట్లో వాటర్ క్యాన్ అయిపోతే ఎవరు ఆర్డర్ పెడతారు? కిందటిసారి ఇంటికి ఎవరైనా వచ్చి ఉంటే ఎన్ని రోజులున్నారు? ఈ నెల అద్దె ఏ తేదీన కట్టారు? కాసేపు నీళ్లు నమిలారంటే అదీ జవాబే.

వెజ్, నాన్‌వెజ్ పట్టింపు గురించి కూడా అడుగుతారు. ఉన్నవాళ్లు ముందే చెప్పేయడం మంచిది, అందులో తప్పేమీ లేదు. నా దాకా వచ్చిన పంచాయితీల్లో మాత్రం చికెన్ వండినందుకు వచ్చినవి తక్కువ. వండిన కడాయి రెండు రోజులు సింకులో నానబెట్టినందుకు వచ్చినవే ఎక్కువ.

అపోహ: అన్నీ సమానంగా పంచుకుంటే న్యాయం.

అటాచ్డ్ బాత్‌రూమ్, బాల్కనీ ఉన్న గదిలో ఉండేవాడూ, మంచం పడితే తలుపు తెరుచుకోని గదిలో ఉండేవాడూ ఒకే అద్దె కడితే అది ఎంతోకాలం సాగదు. గదుల్ని బట్టి అద్దె తేడా పెట్టుకోండి.

అసలు చిక్కు ఏసీ దగ్గర. "నా యూనిట్లకి నేను కడతాలే" అని ఏసీ ఉన్నవాడు ఉదారంగా అంటాడు. తెలంగాణ గృహ విద్యుత్ స్లాబుల్లో నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. 190 యూనిట్లకు సుమారు 770 రూపాయలయ్యేది 210 యూనిట్లకు దాదాపు 1,100 అవుతుంది, ఫిక్స్‌డ్ చార్జీలు కాక. ఇరవై యూనిట్లకు మూడు వందల పైచిలుకు! అంటే అతని ఏసీ వల్ల మీ ఫ్యాను యూనిట్ కూడా ఖరీదెక్కింది. ఏసీ లేని నెలల సగటు బిల్లు అందరూ పంచుకుని, ఆపైన వచ్చినదంతా ఏసీవాళ్లు భరించడం నేను చెప్పే పద్ధతి. నాకు తెలిసిన నాలుగైదు ఇళ్లలో ఇదే నడుస్తోంది.

అపోహ: అగ్రిమెంట్‌లో ఒకరి పేరుంటే చాలు.

ఓనర్లు దీన్నే ఇష్టపడతారు, పని తేలికని. పేరు లేనివాళ్లు ఓనర్ లెక్కలో లేనట్టే. అడ్వాన్స్‌లో మీ వాటా ఉందని ఓనర్‌ని అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు. పాత ఆదాయపు పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) చూపించుకునేవాళ్లకు, కంపెనీ అగ్రిమెంట్ అడిగినప్పుడు ఇంకో తలనొప్పి.

అందరి పేర్లూ ఉంటే వేరే సంగతి గుర్తుంచుకోవాలి. విడిగా రాసుకోకపోతే, ఓనర్ మొత్తం అద్దెను ఎవరో ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 43వ సెక్షన్ అదే చెబుతుంది. కట్టినవాడు మిగతావాళ్ల వాటా వాళ్ల దగ్గర రాబట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది, కాకపోతే ఆ తిరుగుడంతా మీదే. అందుకని ఫ్లాట్‌మేట్ల మధ్య ఒక తెల్లకాగితం వేరేగా రాయిస్తాను: ఎవరు ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, వెళ్లేవాడు ఎన్నాళ్ల ముందు చెప్పాలి, రిప్లేస్‌మెంట్ దొరికేదాకా అద్దె ఎవరిది. అరపేజీ చాలు.

ఆ కాగితంతోపాటు సామాను దించిన రోజే కరెంటు మీటర్ రీడింగ్, గోడలు, కమోడ్, కిచెన్ గట్టు ఫొటోలు తీసి గ్రూపులో పెట్టించండి. ఖాళీ చేసే రోజు ఓనర్ అడ్వాన్స్‌లో పెయింటింగ్ డబ్బులు కోస్తానన్నప్పుడు ముగ్గురూ ఆ ఫొటోల కోసమే వెతుకుతారు.