మళ్ళీ తయారవుతున్న సైనిక వాచీలు: అసలుదంటే ఏది?

నల్లటి డయల్, తెల్లటి పెద్ద అంకెలు, పాతబడిన తేనె రంగు పూత వేసిన ముళ్ళు, వెనక మూత మీద సైన్యం చెక్కించినట్టుండే ఒక సంఖ్య. రెండో ప్రపంచ యుద్ధం నాటివా అనిపించే ఇలాంటి రిస్ట్ వాచీలను ఇప్పుడు చాలా కంపెనీలు కొత్తగా తయారుచేస్తున్నాయి. పాత నమూనాను ఉన్నదున్నట్టు దింపామని చెప్పుకుంటాయి. వాచీలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోరు. కేసు, అంటే వాచీ బయటి డొక్కు, రెండు మిల్లీమీటర్లు పెరిగిందని, అంకెల వంపు మారిందని, అసలు దాంట్లో తేదీ కిటికీ లేదని ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపిస్తారు. ఈ వాదన ఎందుకు తెగడం లేదో అర్థం కావాలంటే ఆ వాచీలు ఏ అవసరానికి పుట్టాయో, తర్వాత వాటికి ఏం జరిగిందో తెలియాలి.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మగవాళ్ళు ఎక్కువగా జేబు గడియారమే వాడేవారు. చేతికి కట్టుకునేది ఆడవాళ్ళ నగ కింద లెక్క. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో కొందరు బ్రిటిష్ అధికారులు జేబు గడియారాన్ని తోలు పట్టీలో బిగించి మణికట్టుకు కట్టుకున్నారు. 1914 తర్వాత అదే పద్ధతి అందరికీ అవసరమైంది. ముందు ఫిరంగి గుండ్ల తెర కొద్దికొద్దిగా జరుగుతుంటే దాని వెనకే సైనికులు నడవాలి. వాచీ కాస్త తేడాగా నడిచినా సొంత గుండ్లే తమ మీద పడతాయి. 1916 జూలై 1 ఉదయం 7.30కి ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర బ్రిటిష్ సైన్యం కందకాల్లోంచి పైకి లేచింది ముందే కలిపి పెట్టుకున్న వాచీలను చూసుకునే. జేబులోంచి తీసి మూత తెరిచే తీరిక అక్కడ ఎవరికుంటుంది? అందుకే ఆనాటి వాచీల అద్దం మీద పెంకులు తగలకుండా లోహపు జాలీ, చీకట్లో కనబడేలా అంకెల మీద రేడియోధార్మిక పదార్థమైన రేడియం పూత వచ్చాయి.

రెండో యుద్ధం నాటికి సైన్యాలు వాచీ ఎలా ఉండాలో కాగితం మీద రాసి ఇచ్చే దశకు చేరాయి. జర్మన్ వైమానిక దళపు నావిగేటర్ల వాచీ వెడల్పు 55 మిల్లీమీటర్లు. లోపల జేబు గడియారపు మెషిన్ ఉంటుంది, పట్టీ కోటు చేతి మీదుగా కట్టుకునేంత పొడవు, క్రౌన్ అనే పక్క బుడిపె గ్లవ్స్‌తో కూడా తిప్పగలిగేంత పెద్దది. క్రౌన్ లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది, దాంతో టైమును సెకనుతో సహా కలపవచ్చు. 1941లో వచ్చిన రెండో రకం డయల్‌లో బయటి అంచున నిమిషాలే పెద్దగా ఉంటాయి, గంటలు లోపలి చిన్న వలయంలోకి వెళ్ళాయి. ఆకాశంలో దారి లెక్కించేవాడికి గంట తెలుసు, కావాల్సింది నిమిషం, సెకను. ఇప్పుడు చాలామంది అందం కోసం ఎంచుకునే ఆ డయల్ వెనక ఉన్నది ఈ లెక్కే.

బ్రిటిష్ సైన్యం కథ మరో రకం. సొంత పరిశ్రమ అంతా ఆయుధాల పనిలో ఉండడంతో అది తటస్థ దేశమైన స్విట్జర్లాండ్‌కు ఆర్డర్ ఇచ్చింది. నల్ల డయల్, అరబిక్ అంకెలు, కింద చిన్న సెకన్ల వలయం, రాపిడి తగ్గించే 15 రాళ్ళున్న మెషిన్, నీరు చొరని కేసు, పగలని అద్దం. ఒకే నిబంధనల పత్రానికి పన్నెండు కంపెనీలు పనిచేశాయి. ఒమేగా, లాంజీన్, ఐడబ్ల్యూసీ, జేగర్ లెకూల్ట్ర్ లాంటి పెద్ద పేర్లున్నాయి, గ్రానా, వెర్టెక్స్, టిమోర్ లాంటి చిన్నవీ ఉన్నాయి. అందరి వెనక మూతల మీదా ప్రభుత్వ సొత్తని చెప్పే ఒకటే బాణం గుర్తు, వాచ్, రిస్ట్, వాటర్‌ప్రూఫ్ అనడానికి ఒకటే మూడు డబ్ల్యూలు. వాచీలు చేరేసరికి 1945 వచ్చింది, అంటే యుద్ధం చివరికొచ్చేసింది. సేకర్తలు తర్వాత వీటికి డర్టీ డజన్ అని ముద్దుపేరు పెట్టారు. ఈ పన్నెండింటినీ పక్కపక్కన పెడితే కంపెనీ ముద్ర దాదాపు కనబడదు. కొనేవాడు చెప్పినట్టు చేసిన పని అది. సైనిక వాచీలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఇదే.

అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది. రేడియం వెలుగు వెనక పెద్ద దుఃఖం ఉంది. అమెరికాలో, న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో, డయల్స్‌కి రంగు వేసే అమ్మాయిలు బ్రష్ మొన సన్నగా రావడానికి దాన్ని పెదవులతో తడిపేవారు. అలా చేయమనే వాళ్ళకు నేర్పారు. దవడ ఎముకలు కుళ్ళి, రక్తం తగ్గి కొందరు చనిపోయారు. గ్రేస్ ఫ్రయర్‌తో కలిసి ఐదుగురు కోర్టుకెక్కితే 1928లో కంపెనీ రాజీకి వచ్చింది. అయినా రేడియం వాడకం ఆగడానికి దశాబ్దాలు పట్టింది. 1960లలో దాని స్థానంలో అంతకంటే బలహీనమైన రేడియోధార్మిక పదార్థం ట్రిటియం వచ్చింది. బ్రిటిష్ సైనిక వర్క్‌షాపులు పాత వాచీలను తెప్పించి, రేడియం డయల్స్ తీసేసి ట్రిటియం డయల్స్ బిగించాయి. ముళ్ళు కూడా మార్చాయి. ఒక వాచీ మూత ఇంకో వాచీకి వెళ్ళింది. పనికిరానివాటిని నాశనం చేశారు.

కాబట్టి డర్టీ డజన్ వాచీ అంటూ ఇవాళ మన ముందుకొచ్చేది 1945లో కంపెనీ నుంచి వచ్చిన రూపంలోనే ఉండాలని లేదు, రిపేరు బల్ల మీద నాలుగుసార్లు విప్పి బిగించినది కావచ్చు. సైన్యం దృష్టిలో అది సామాను, నడిస్తే చాలు. అలాంటప్పుడు ఉన్నదున్నట్టు దింపామన్నవాళ్ళు ఏ సంవత్సరపు వాచీని దింపారు? కంపెనీ దాటిన రోజు వాచీనా, వర్క్‌షాప్ నుంచి తిరిగొచ్చిన వాచీనా, లేక అరవై, డెబ్బై ఏళ్ళు గడిచాక రంగు మారి ఫోటోల్లో కనిపించే వాచీనా? కొత్తవాటి మీద తేనె రంగు పూత వేయడం మూడోదాన్ని దింపడమే. 1945లో ఏ సైనికుడూ ఆ రంగు చూడలేదు. వాచీ తనంతట తాను పాతబడాలి. ఫ్యాక్టరీలో పూసిన వయసు నాకు నచ్చదు. అసలు రంగుతో చేస్తే కొత్త వాచీ కూడా కట్టుకున్నవాడితో పాటే పెద్దదవుతుంది.

పూత పదార్థం మాత్రం మారాల్సిందే, మారింది కూడా. పాత రేడియం డయల్‌లో వెలిగే రసాయనం ఎప్పుడో అరిగిపోయింది కానీ, రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది కాబట్టి రేడియేషన్ ఆగలేదు. ఇప్పటి సూపర్ లూమినోవా దీనికి తలకిందులు. వెలుతురును దాచుకుని మెరుస్తుంది, రేడియేషన్ ఉండదు. ఈ ఒక్క విషయంలో పాతదాన్ని దించకపోవడమే మర్యాద.

1964లో అమెరికా సైన్యం ఇంకో మలుపు తిప్పింది. రిపేరు ఖర్చు దండగనుకుని, పాడైతే పారేసే చౌక వాచీకి నిబంధనలు రాసింది. కొన్నాళ్ళు ప్లాస్టిక్ కేసులు కూడా వచ్చాయి. ట్రిటియం ఉన్న వాచీల వెనక రేడియోధార్మిక వ్యర్థంగా పారేయాలన్న హెచ్చరిక కూడా చెక్కారు. 1980లో బ్రిటిష్ సైన్యానికి సీడబ్ల్యూసీ అనే కంపెనీ బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ ఇచ్చింది. కీ ఇచ్చే వాచీ సైన్యంలో దాదాపు అనవసరమైపోయింది, సరిగ్గా అప్పుడే సేకర్తలకు ముద్దొచ్చింది.

1993లో, ఇటలీ నౌకాదళపు ఈతగాళ్ళకు వాచీలు చేసిన ఫ్లోరెన్స్ కంపెనీ పనెరాయ్ తొలిసారి మామూలు జనానికి అమ్మడం మొదలుపెట్టింది. 1997లో ఆ వాచీల వ్యాపారాన్ని పెద్ద లగ్జరీ సంస్థ కొనుక్కుంది. సైనిక చరిత్రకు గిరాకీ ఉందని పరిశ్రమకు అప్పుడు బాగా తెలిసింది. ఆ తర్వాత దారి పట్టినవాళ్ళు చాలామంది. మూతపడిన వెర్టెక్స్‌ను స్థాపకుడి మునిమనవడు 2016లో మళ్ళీ తెరిచాడు. 2018లో హామిల్టన్ కంపెనీ తన వియత్నాం కాలపు వాచీ పోలికలతో కీ ఇచ్చే 38 మిల్లీమీటర్ల వాచీ తెచ్చింది. పాతవి సుమారు 34 ఉండేవి. స్టోవా, లాకో అప్పటి జర్మన్ సైన్యానికి నిజంగానే వాచీలు చేసిన ఐదు కంపెనీల్లో రెండు. అవి ఇప్పుడు అవే డయల్స్‌తో మణికట్టుకు సరిపడే సైజుల్లో చేస్తున్నాయి. ఇది నాకు తప్పనిపించదు. 55 మిల్లీమీటర్లు విమానంలో నావిగేటర్‌కు కావాలి, బస్సులో వెళ్ళేవాడికి ఎందుకు?

బాణం గుర్తు సంగతి వేరు. బ్రిటన్‌లో 1875 నాటి చట్టం ప్రకారం అది ప్రభుత్వ సామానుకు వేసే ముద్ర, అనుమతి లేకుండా వేయడం నేరం. ఏ సైన్యం చేతికీ వెళ్ళని వాచీ మీద ఆ బాణం, సైన్యం సామానుకు వేసే సంఖ్యను పోలిన దొంగ స్టాక్ నంబర్ చెక్కితే దాన్ని పునఃసృష్టి అనలేం. కొన్నేళ్ళు గడిచి, రెండు చేతులు మారాక అది అసలుదిగా చలామణి అవుతుంది. నిజంగా సైనికుడి చేతి మీద అరిగిన వాచీ పక్కన దాన్ని నిలబెట్టడం ఆ సైనికుడికి అన్యాయం.

పట్టీ పిన్నుల సంగతి చూస్తే వాదన ఇంకో వైపు నుంచి తెరుచుకుంటుంది. మామూలు స్ప్రింగ్ పిన్ను ఊడితే వాచీ పోతుందని సైన్యాలు చాలా వాచీలకు కదలని కడ్డీలు పెట్టించాయి. వాటికి రెండు ముక్కల పట్టీ పట్టదు, కింద నుంచి దూర్చే ఒకే గుడ్డ పట్టీ కావాలి. మళ్ళీ తయారుచేసినవాళ్ళలో చాలామంది ఈ కడ్డీలు వదిలేశారు, పట్టీ మార్చుకోవడం కష్టమని. 2021లో ట్యూడర్ కంపెనీ మాత్రం ఫ్రెంచ్ నౌకాదళపు పోరాట ఈతగాళ్ళతో కలిసి కొత్త వాచీ రూపొందించినప్పుడు కేసులోనే కలిసిన కడ్డీలు పెట్టింది. దాని బెజెల్, అంటే డయల్ చుట్టూ ఉండే వలయం, రెండు వైపులా తిరుగుతుంది, అంకెలు వెనక్కి తగ్గుతూ ఉంటాయి. నీటి కింద ఒక దిశలో ఇన్ని నిమిషాలు ఈది, అప్పుడు దిశ మార్చే పద్ధతికి ఆ ఏర్పాటు. పాత ఫ్రెంచ్ నేవీ వాచీల అలవాటు ప్రకారమే వెనక మూత మీద ఫ్రెంచ్ నౌకాదళం పేరుకు పొట్టి రూపమైన ఎం.ఎన్. అక్షరాలు, పక్కన తయారైన సంవత్సరానికి గుర్తుగా 21 అంకె చెక్కారు.