చిగుళ్ళు జారితే పిన్‌హోలా, లేజరా? ముందు ఎముక సంగతి చూద్దాం: అపోహలు - వాస్తవాలు

ఈమధ్య కుర్చీలో కూర్చుంటూనే "డాక్టర్‌గారూ, మీ దగ్గర పిన్‌హోల్ చేస్తారా?" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఫోన్‌లో రీల్ చూసి ఉంటారు. చిన్న రంధ్రం పెట్టి లోపల ఏదో కదపగానే, జారిన చిగురు మళ్ళీ వచ్చి పంటి వేరును కప్పేస్తుంది. కత్తి లేదు, కుట్టు లేదు. అలా అడిగినవాళ్ళ నోరు తెరిచి చూస్తే కొందరికి అసలు ఏ ఆపరేషనూ అక్కర్లేదు. కొందరికి పిన్‌హోలే కాదు, ఏం చేసినా చిగురు పూర్తిగా మునుపటి చోటికి రాదు. మిగిలినవాళ్ళకు మాత్రం నిజంగానే మంచి మార్గాలున్నాయి. గాయం చిన్నది, నొప్పి తక్కువ, త్వరగా పనిలో పడొచ్చు. మీరు ఈ ముగ్గురిలో ఎవరన్నది పళ్ళ మధ్య మిగిలిన ఎముకను చూస్తే తెలుస్తుంది. పద్ధతి పేరు ఆ తర్వాతి మాట.

అపోహ: వయసు మీద పడ్డాక చిగుళ్ళు జారడం మామూలే

డెబ్భై దాటినా చిగురు చెక్కుచెదరనివాళ్ళున్నారు. పాతికేళ్ళకే కోరపళ్ళ దగ్గర వేరు బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. వయసు ఒక్కటే చిగురును జార్చదు. ఏళ్ళ తరబడి దాని మీద పడిన ఒత్తిడి, లోపల నడిచిన జబ్బు జారుస్తాయి.

ఇందులో రెండు దారులున్నాయి. వాటిని కలిపేయడం వల్లే సగం గందరగోళం.

మొదటిది రాపిడి దారి. గట్టి కుచ్చుల బ్రష్‌తో అడ్డంగా, బలంగా రుద్దడం. ఊళ్ళలో ఇప్పటికీ కనబడే ఇటుక పొడి, బొగ్గు, కచ్చిక. పాచి పోవాలంటే గట్టిగా తోమాలన్న నమ్మకం. వీళ్ళ నోరు చాలావరకు శుభ్రంగా, చిగుళ్ళు గులాబీ రంగులో ఉంటాయి. పన్ను బయటివైపు మాత్రం చిగురు జారి, మెడ దగ్గర గోరు తగిలేంత గాడి పడుతుంది. పుట్టుకతోనే చిగురు పలచగా ఉన్నవాళ్ళకు ఇది మరీ తొందరగా వస్తుంది, ముఖ్యంగా కింది ముందుపళ్ళకు. అక్కడ చిగురు కింద ఎముక కూడా కాగితంలా పలచగానే ఉంటుంది. క్లిప్పులు వేసినప్పుడు పన్ను ఆ పలచటి ఎముకను దాటి బయటికి జరిగితే అదే కథ. పెదవిని చిగురుకు కలిపే కండ బిగుసుగా లాగడం, కింది పెదవి వెనక ఖైనీ పెట్టుకోవడం కూడా ఈ జాబితాలోవే.

రెండోది జబ్బు దారి. గార పేరుకుని, చిగురు వాచి, రక్తం కారి, లోపల ఎముక కరుగుతూ పోతుంది. ఎముక ఎటు పోతే చిగురూ అటే పోతుంది. ఇక్కడ బయటివైపే కాదు, పళ్ళ మధ్య ముక్కోణంలా ఉండే చిగురు కూడా పడిపోయి నల్లటి సందులు కనిపిస్తాయి. షుగర్ అదుపులో లేనివాళ్ళు, పొగతాగేవాళ్ళు ఎక్కువగా ఇటు వస్తారు.

అద్దంలో చూస్తే రెండింట్లోనూ పన్ను పొడుగ్గానే కనబడుతుంది. చికిత్స మాత్రం పూర్తిగా వేరు.

అపోహ: క్లీనింగ్ చేయించుకున్నాకే పళ్ళ మధ్య సందులు వచ్చాయి, చిగుళ్ళు జారాయి

ఈ మాట వినని వారం ఉండదు. గార ఉన్నంత కాలం అది ఆ సందులను పూడ్చి ఉంచుతుంది, పైన చిగురు వాచి ఉంటుంది. గార తీశాక వాపు దిగి, అప్పటికే పోయిన ఎముక మేర ఖాళీ బయటపడుతుంది. నష్టం ముందే జరిగింది, క్లీనింగ్ దాన్ని కనబడేలా చేసింది. ఇంకో సంగతి: వాపూ గారా ఉన్న చిగురు మీద ఏ పద్ధతిలోనూ ఆపరేషన్ చేయకూడదు. క్లీనింగ్ లేకుండానే నేరుగా పిన్‌హోల్ చేసేస్తామని ఎవరైనా అంటే అక్కణ్నుంచి లేచి రండి.

అపోహ: నూనె పుక్కిలిస్తే, ఫలానా పేస్ట్ వాడితే చిగురు తిరిగి పెరుగుతుంది

పెరగదు. పొటాషియం నైట్రేట్ లాంటివి ఉన్న పేస్టులు చల్లనీళ్ళకు పన్ను జివ్వుమనడం తగ్గిస్తాయి, అంతవరకే. జివ్వుమనడం ఆగింది కాబట్టి చిగురు నయమైందనుకుని మూడు నాలుగేళ్ళు ఊరుకున్నవాళ్ళు చాలామందే వస్తుంటారు.

అపోహ: చిగురు జారితే ఆపరేషన్ తప్పదు

అన్నిటికంటే చిన్న చికిత్స ఏదీ కోయకపోవడమే. ఒకట్రెండు మిల్లీమీటర్లు జారి, జివ్వుమనకుండా, నవ్వితే కనబడకుండా ఉన్న చిగురును నేను ముట్టుకోను. బ్రష్ మారుస్తాను, తోమే తీరు మారుస్తాను, ఫొటో తీసి, మిల్లీమీటర్లలో కొలిచి రాసిపెడతాను. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ కొలుస్తాను. అంకె మారకపోతే అదే విజయం. జివ్వుమంటుంటే ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తాం. మెడ దగ్గర గాడి లోతుగా ఉంటే పంటి రంగు ఫిల్లింగ్ వేస్తాం. అయితే చిగురు పైకి తెచ్చే ఆలోచన ఉన్నప్పుడు ఆ ఫిల్లింగ్ ఎక్కడిదాకా వేయాలో ముందే నిర్ణయించుకోవాలి. వేరు మొత్తం ఫిల్లింగ్‌తో నింపేశాక, ఇప్పుడు చిగురు కప్పమంటే పని కష్టమవుతుంది.

ఆపరేషన్ మాట ఎప్పుడు వస్తుందంటే: కొలిచిన ప్రతిసారీ అంకె పెరుగుతున్నప్పుడు, పేస్టులకూ వార్నిష్‌కూ జివ్వుమనడం లొంగనప్పుడు, బ్రష్ తగిలితే నొప్పి పుట్టేంత పలచగా చిగురు మిగిలినప్పుడు, నవ్వితే కనబడి మనసుకు బాధగా ఉన్నప్పుడు. క్లిప్పులు వేయబోయే ముందు పలచటి చిగురును దిట్టం చేయడానికి కూడా ఒక్కోసారి చేస్తాం.

అపోహ: పిన్‌హోల్ అయితే ఎవరికైనా చిగురు పూర్తిగా వచ్చేస్తుంది

మొదట ఎముక. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో కైరో బృందం 2011లో ఇచ్చిన వర్గీకరణను ఇప్పుడు అందరం వాడుతున్నాం. దాని సారం ఇది (ఆర్‌టీ అంటే రిసెషన్ టైప్, చిగురు జారిన రకం). పళ్ళ మధ్య ఎముక, చిగురు పట్టు చెక్కుచెదరకుండా ఉండి, బయటివైపు మాత్రమే జారితే ఆర్‌టీ1. వేరు పూర్తిగా కప్పగలమన్న ఆశ పెట్టుకోవచ్చు. పళ్ళ మధ్య కూడా పట్టు పోయి, ఆ నష్టం బయటివైపు నష్టాన్ని మించకపోతే ఆర్‌టీ2. చాలావరకు కప్పొచ్చు, పూర్తిగా అన్న మాట ఇవ్వలేం. మధ్యలో నష్టమే ఎక్కువైతే ఆర్‌టీ3. అక్కడ పూర్తి కప్పుదల ఎవరి చేతుల్లోనూ లేదు. పైకి తెచ్చిన చిగురు బతకాలంటే ఇరుపక్కల నుంచి రక్తం అందాలి, నిలవడానికి ఆధారం కావాలి. ఆ రెండూ ఇచ్చేది పళ్ళ మధ్య ఉన్న ఎముకా చిగురే. ఎక్స్‌రే తీయకుండా, చిగురు లోతు కొలవకుండా "నూరు శాతం గ్యారంటీ" అన్నవాళ్ళు ఈ లెక్క చూడలేదన్నమాట.

ఇక పద్ధతి. పిన్‌హోల్‌ను కాలిఫోర్నియాలోని డాక్టర్ జాన్ చావ్ తయారుచేశారు, 2012లో తన సొంత పేషెంట్ల ఫలితాలతో ప్రచురించారు. చిగురుకు పైన, పెదవి లోపలి మెత్తటి భాగంలో రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం పెడతారు. అందులోంచి వంకర పనిముట్లు పంపి చిగురును ఎముక నుంచి విడదీసి, వేరు మీదికి జరిపి, కింద కొల్లాజెన్ (ఒక రకం ప్రోటీన్) ముక్కలు కూరి నిలబెడతారు. కుట్లు ఉండవు. ఒకే సిట్టింగ్‌లో వరసగా చాలా పళ్ళకు చేయొచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే.

రీల్‌లో చూపించనిది ఏంటంటే, బయటి రంధ్రం చిన్నదైనా లోపల చిగురు నాలుగైదు పళ్ళ మేర ఊడదీయాల్సిందే. అందుకే రెండో రోజు మొహం వాచి "చిన్న రంధ్రమేగా అన్నారు?" అని ఫోన్ చేస్తారు. ఇంకొకటి, పలచటి చిగురును జరిపితే అది పలచగానే ఉంటుంది. కొన్నేళ్ళకు మళ్ళీ జారే భయం అక్కడే.

దీనికి దగ్గర బంధువులు ఇంకో రెండున్నాయి. ఒకటి టన్నెల్ పద్ధతి. పళ్ళ మధ్య ముక్కోణపు చిగురును కోయకుండా, చిగురు అంచు లోపలి నుంచే సొరంగం చేసి, అందులోకి కొత్త కణజాలాన్ని జారుస్తాం. రెండోది విస్టా. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేసిన డాక్టర్ హోమా జాదే 2011లో రాశారు. పెదవి కండ దగ్గర ఒక్క చిన్న నిలువు గాటు పెట్టి, అక్కణ్నుంచి సొరంగం చేస్తారు. రెండింట్లోనూ కుట్లు ఉంటాయి. కానీ అవి లూప్స్ (భూతద్దాల కళ్ళజోడు) పెట్టుకుని వేసే 6-0, 7-0 దారాలు, దాదాపు వెంట్రుకంత సన్నం. కుట్టు లేకపోవడమే గొప్పని ఎందుకు అనుకుంటారో నాకెప్పుడూ అర్థం కాదు. చిగురు కదలకుండా ఉంటేనే అతుకుతుంది. కదలకుండా పట్టుకునేది ఆ కుట్టే.

అపోహ: అంగిలి నుంచి కండ తీయడం పాతకాలపు పద్ధతి, ఇప్పుడెవరూ చేయరు

ఈ భయానికి కారణం ఉంది. అంగిలి నుంచి తీసి జారిన చిగురు దగ్గర అతికించే ముక్కను గ్రాఫ్ట్ అంటారు. వెనకటి ఫ్రీ గ్రాఫ్ట్‌లో అంగిలి పైపొరతో సహా తీసేవాళ్ళు, ఆ గాయం తెరిచే ఉండి మానడానికి వారాలు పట్టేది. 1985లో అమెరికాలో బర్టన్ లాంగర్, లారీన్ లాంగర్ రాసిన పద్ధతితో లెక్క మారింది. పైపొరను అలాగే ఉంచి లోపలి కణజాలాన్ని మాత్రం తీస్తారు. ఇప్పుడు ఒకే గాటుతో, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ముక్క తీసి, గాటు మూసేస్తున్నాం. నొప్పి మొదటి వారం ఉంటుంది, లేదని చెప్పను. కానీ వేరు పూర్తిగా కప్పుకోవడంలోనూ, ఏళ్ళ తరబడి నిలవడంలోనూ ఇప్పటికీ మిగతావన్నీ పోల్చుకునేది దీనితోనే. చిగురును మందంగా మార్చేది ఇదే. నా మటుకు నాకు పలచటి చిగురు కనబడితే టన్నెల్‌లో అంగిలి కణజాలం పెట్టడమే మొదటి ఎంపిక. కోత చిన్నది, ఫలితం గట్టిది.

ఒక హెచ్చరిక మన ప్రాంతానికే చెందింది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టను అడ్డపొగగా, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్ళున్నారు. ఆ వేడి నేరుగా తగిలేది అంగిలికే. అక్కడ తెల్లమచ్చో, ఎర్రబడ్డ చోటో, మానని పుండో కనబడితే చిగురు సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని తేల్చాలి. అవసరమైతే బయాప్సీ చేయాలి. ఈ అలవాటుకూ అంగిలి క్యాన్సర్‌కూ సంబంధం ఎప్పటినుంచో తెలిసిందే. మామూలు సిగరెట్, బీడీ తాగేవాళ్ళకైనా చిగురు కప్పుకోవడం తక్కువే.

అపోహ: పీఆర్‌ఎఫ్ అంటే స్టెమ్ సెల్స్, దాంతో చిగురు కొత్తగా మొలుస్తుంది

పీఆర్‌ఎఫ్‌ను 2001లో ఫ్రాన్స్‌లో డాక్టర్ జోసెఫ్ షుక్రూన్ పరిచయం చేశారు. పేరు విప్పితే ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్. మీ చేతి నుంచే పది మిల్లీలీటర్ల గొట్టాల్లో రక్తం తీసి, ఏ మందూ కలపకుండా సెంట్రిఫ్యూజ్‌లో పది పన్నెండు నిమిషాలు తిప్పితే మధ్యలో పసుపు జెల్లీ తయారవుతుంది. అందులో ఉండేది ఫైబ్రిన్ వల, ప్లేట్‌లెట్లు, తెల్ల రక్తకణాలు. గాయం త్వరగా మానడానికి పనికొస్తుంది. అంగిలి గాయం మీద పెడితే నొప్పి తగ్గుతుంది. బయటి పదార్థం కాదు కాబట్టి సరిపడకపోవడమనే టెన్షన్ లేదు. చిగురును పైకి జరిపి దాని కింద ఇది పెడితే కొంత మేలే, కానీ చిగురు మందం పెంచడంలో అంగిలి కణజాలానికి సాటిరాదు. స్టెమ్ సెల్ బోర్డులను పట్టించుకోకండి.

అపోహ: లేజర్‌తో చిగురు పైకి వస్తుంది

లేజర్ కోస్తుంది, రక్తం ఆపుతుంది, లాగుతున్న పెదవి కండను చక్కగా విడదీస్తుంది. జారిన చిగురును అది జరపదు.

అపోహ: లోపల పెట్టే పదార్థం ఏదైనా ఒకటే, అడగాల్సిన పనిలేదు

తప్పకుండా అడగండి. అంగిలి నుంచి తీయకుండా పని జరగాలంటే కొన్ని తయారీ పదార్థాలు వాడతాం. మ్యూకోగ్రాఫ్ట్ పంది కొల్లాజెన్‌తో, ఎమ్‌డోగెయిన్ పంది పంటి మొగ్గల ప్రోటీన్లతో చేసినవి. ఆలోడెర్మ్ దానం చేసిన మనిషి చర్మం నుంచి వస్తుంది. కొల్లాజెన్ పొరలు కొన్ని ఆవు నుంచి కూడా వస్తాయి. ఇవన్నీ శుద్ధి చేసినవే. కానీ శాకాహారులకూ, ముస్లింలకూ, ఇంకా చాలామందికి ఇది పట్టింపు ఉన్న విషయం. ఆపరేషన్ అయ్యాక తెలిసి బాధపడటం కంటే ముందే చెబితే అంగిలి కణజాలమో పీఆర్‌ఎఫో ఎంచుకోవచ్చు.

అపోహ: చిన్న ఆపరేషనేగా, మర్నాటి నుంచి మామూలే

ఆఫీసుకు వెళ్ళొచ్చు. కానీ సుమారు రెండు వారాలు అక్కడ బ్రష్ పెట్టకూడదు, క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించాలి. దానివల్ల టీ, కాఫీ తాగేవాళ్ళకు పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పడతాయి, తర్వాత పోతాయి. జంతికలు, చేగోడీలు, ఆవకాయ వద్దు. ఆపరేషన్ ఎలా ఉందో చూపించడానికి పెదవి ఎత్తి సెల్ఫీ తీసుకోవద్దు. పైకి తెచ్చిన చిగురు జారేది చాలాసార్లు ఆ లాగుడుకే. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. ఫలితాన్ని నెలకే తేల్చేయకండి. ఆరు నెలలు ఆగి కొలుస్తాం. గ్రాఫ్ట్ పెట్టిన చోట కొందరికి ఆ తర్వాత కూడా చిగురు అంచు మెల్లగా ఇంకాస్త ముందుకు పాకుతుంది.

ఖర్చు పద్ధతిని బట్టి, పళ్ళ సంఖ్యను బట్టి మారుతుంది. తయారీ పదార్థాలు వాడితే బిల్లులో పెద్ద భాగం వాటిదే. ప్రైవేటులో భారమనుకుంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ఉన్న ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో చిగుళ్ళ విభాగం ఉంది, అక్కడ చూపించుకోండి. ఎక్కడికి వెళ్ళినా పాత ఎక్స్‌రేలు, నవ్వుతూ దిగిన పాత ఫొటో ఒకటి, ఇంట్లో వాడే బ్రష్ వెంట తీసుకెళ్ళండి. ఫొటో చూస్తే ఎంత కాలంలో ఎంత జారిందో తెలుస్తుంది, బ్రష్ కుచ్చులు ఎంత వంగాయో చూస్తే మీరెంత బలంగా రుద్దుతున్నారో తెలుస్తుంది.